గుండెకు అతుకు వేసే చదువు: ఒక తండ్రి ప్రశ్నకు జవాబు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతోంది. రెండేళ్ల క్రితం మా నాన్నగారికి గుండెపోటు వచ్చింది. ప్రాణం నిలిచింది గానీ గుండె పంపింగ్ 30 శాతానికి పడిపోయిందని ఎకో చూసి చెప్పారు. ల్యాబ్‌లో పెంచిన గుండె కండరాన్ని దెబ్బతిన్న చోట అతికిస్తున్నారని చదివినప్పటి నుంచి అమ్మాయి ఎంబీబీఎస్ వద్దు, ఆ పరిశోధనే చేస్తానంటోంది. ఇది నిజంగా ఉన్న రంగమేనా? ఏ కోర్సులో చేర్పించాలి?
– ఒక తండ్రి, జనగామ

జవాబు: మీ అమ్మాయి చదివింది నిజమే. పెద్ద గుండెపోటులో రక్తం అందక చనిపోయే కండర కణాలు వంద కోట్ల వరకు ఉండవచ్చు. చర్మం తెగితే మళ్లీ వస్తుంది, కాలేయం కొంత కోసినా పెరుగుతుంది. గుండె కండరంలో మాత్రం పాతికేళ్ల వయసులోనే ఏడాదికి ఒక శాతం కణాలే కొత్తగా పుడతాయి, వృద్ధాప్యానికి అదీ సగానికి తగ్గిపోతుంది. అందుకే చచ్చిన చోట ముడుచుకోలేని మచ్చ మిగులుతుంది. మీ నాన్నగారి పంపింగ్ తగ్గడానికి కారణం ఆ మచ్చే. మందులు మిగిలిన కండరం మీద భారాన్ని తగ్గించగలవు గానీ, పోయిన కండరాన్ని తిరిగి తేలేవు.

ఆ కండరాన్ని బయట తయారు చేయవచ్చన్న ఆశకు బలం వచ్చింది జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనాకా వల్ల. మామూలు కణాలను వెనక్కి నడిపించి, ఏ రకం కణంగానైనా ఎదగగల మూలకణాలుగా మార్చవచ్చని ఆయన బృందం 2006లో ఎలుక కణాలతోనూ 2007లో మనిషి కణాలతోనూ చూపింది, 2012లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. వాటినే ఐపీఎస్ కణాలంటారు. వాటి నుంచి పెంచిన గుండె కణాల పలుచని పొరలను ఒసాకా విశ్వవిద్యాలయంలో యోషికి సావా బృందం 2020 జనవరిలో మొదటిసారి ఒక రోగి గుండె మీద అమర్చింది. జర్మనీలోని గోటింగెన్‌లో వోల్ఫ్రామ్ జిమ్మర్మన్ బృందం ఇలాంటి కణాలను కొలాజెన్ అనే ప్రొటీన్‌లో కలిపి, ముడుచుకునే కండరపు ముక్కలుగా తయారు చేసింది. ముందు కోతులలో పరీక్షించి, తర్వాత 46 ఏళ్ల ఒక మహిళ గుండె మీద దాదాపు 40 కోట్ల కణాలున్న అతుకును కుట్టింది. మూడు నెలల తర్వాత ఆమెకు దాత గుండె దొరికింది. తీసేసిన పాత గుండెను పరిశీలిస్తే అతుకు కణాలు బతికే ఉన్నాయి, వాటికి రక్తనాళాలు కూడా చేరాయి. ఈ ఫలితం 2025 జనవరిలో ప్రచురితమైంది.

ఇక్కడ మీతో ఒక మాట విడిగా చెప్పాలి. ఇదంతా ఇంకా మామూలు చికిత్సగా స్థిరపడలేదు. మూలకణాల ఇంజెక్షన్‌తో గుండె బాగు చేస్తామని ఎవరైనా లక్షలు అడిగితే నాన్నగారిని తీసుకెళ్లకండి. రక్త సంబంధమైన కొన్ని జబ్బులకు చేసే మూలకణ మార్పిడి మినహా మిగిలినవాటిని ఆమోదం పొందిన క్లినికల్ ట్రయల్‌లో మాత్రమే చేయాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 నాటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. గుండె వైద్యులు రాసిన మందులు ఆపకపోవడమే నేడు ఆయనకు మేలు.

అమ్మాయికి ఈ రంగం నప్పుతుందో లేదో తేల్చేది కోర్సు పేరు కాదని, రోజువారీ పని అని నా గట్టి అభిప్రాయం. ఒకసారి ఒక ల్యాబ్‌లో నాకు సూక్ష్మదర్శిని కింద గుండె కణాలను చూపించారు. ఎక్కడా గుండె లేదు, నరం లేదు, అయినా డిష్ అడుగున ఆ పొర లయగా అదురుతోంది. చూసిన క్షణం ఒళ్లు జలదరించింది. కానీ ఆ అదురు కోసం అక్కడి పరిశోధక విద్యార్థిని పది రోజులకు పైగా, ఆదివారాలు కూడా, వచ్చి కణాలకు ఆహారమైన ద్రవాన్ని, అంటే మీడియాను, మార్చింది. అంతకుముందు రెండు సార్లు ఎర్రగా ఉండాల్సిన మీడియా పసుపు పచ్చగా మారి మసకబారిందట, అంటే బ్యాక్టీరియా చేరిందన్నమాట, మొత్తం పారబోసి మొదటి నుంచి మొదలుపెట్టింది. ఈ ఓర్పు మీ అమ్మాయికి ఉందా అన్నది మార్కుల జాబితా చెప్పదు.

ఇంకో సంగతి, ఇది జీవశాస్త్రం ఒక్కదానితో నడిచే రంగం కాదు. డిష్ నుంచి కణాల పొరను చిరగకుండా తీయడమే ఒకప్పుడు పెద్ద సమస్య. టోక్యోలో తెరువో ఒకానో బృందం డిష్‌కు ఒక ప్రత్యేకమైన పాలిమర్ పూత పూసింది. 37 డిగ్రీల దగ్గర కణాలు దానికి అంటుకుని పెరుగుతాయి, 32 కన్నా కిందికి చల్లబరిస్తే పొర మీగడలా దానంతట అదే లేచి వస్తుంది. ఇది రసాయన శాస్త్రం ఇచ్చిన జవాబు. ఇప్పుడున్న చిక్కు మందం. గుండె గోడ దాదాపు సెంటీమీటరు మందం ఉంటే, రక్తనాళం లేకుండా ఆక్సిజన్ చొచ్చుకుపోగలిగేది మిల్లీమీటరులో పదో వంతు నుంచి ఐదో వంతు వరకే. పైగా కొత్త కణాలు పాత గుండెతో లయ కలపకపోతే గుండె కొట్టుకోవడమే గతి తప్పవచ్చు. ఈ రెండింటికీ భౌతిక శాస్త్రం, గణితం కావాలి. బైపీసీ తీసుకున్నాం కదా అని గణితాన్ని వదిలేసి ఉంటే ఈరోజే మళ్లీ మొదలుపెట్టమనండి.

అందుకే నా మొదటి సలహా కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యా పరిశోధన సంస్థలైన ఐసర్‌లు. తిరుపతిలోనూ ఒకటి ఉంది. ప్రవేశ పరీక్ష ఐఏటీని బైపీసీ వారూ రాయవచ్చు, కాకపోతే 60 ప్రశ్నల్లో 15 గణితంవి. తెలంగాణ ఈఏపీసెట్ బైపీసీ విభాగం ద్వారా బయోటెక్నాలజీ, బయోమెడికల్ బీటెక్‌లలో చేరడం మరో దారి. కళాశాలను ఎంచుకునేటప్పుడు భవనాన్ని కాక కణాలను పెంచే సెల్ కల్చర్ గదిని చూపించమని అడగండి. ఆ తర్వాత గేట్‌లో బయోమెడికల్ పేపరు లేదా బయోటెక్నాలజీ పీజీ ప్రవేశ పరీక్ష జీఏటీ-బి రాసి ఎంటెక్‌కు, అక్కడి నుంచి పీహెచ్‌డీకి వెళ్లవచ్చు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర వైద్య సాంకేతిక సంస్థ, బెంగళూరులోని మూలకణ పరిశోధన సంస్థ ఇన్‌స్టెమ్, మన హైదరాబాద్‌లో కణ జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీ, ఐఐటీ బయోమెడికల్ విభాగం ఆమె గుర్తుంచుకోవలసిన చోట్లు. హైదరాబాద్ ఎల్‌వీ ప్రసాద్ నేత్ర సంస్థలో 2001 నుంచే కంటి మూలకణాలను ఉమ్మనీటి సంచి పొర మీద పెంచి రోగులకు అమర్చారు కనుక, కణజాల చికిత్స మనకు దూరపు కథ కాదు.

ఎంబీబీఎస్‌ను మాత్రం శత్రువులా చూడవద్దని చెప్పండి. సావా గుండె శస్త్రవైద్యుడు, యమనాకా మొదట ఎముకల శస్త్రవైద్యంలో శిక్షణ పొందినవారు.

ఖర్చు, కాలం గురించి మీరు అడగలేదు గానీ చెప్పడం నా బాధ్యత. డిగ్రీ, పీహెచ్‌డీ కలిపి పదేళ్లు, ఆ పైన పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన శిక్షణ. స్థిరపడేసరికి ముప్పై దాటుతుంది. నెట్ పరీక్షతో వచ్చే పరిశోధన ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) వస్తే పీహెచ్‌డీలో నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనంగా వస్తాయి కనుక ఆ దశలో మీ మీద భారం పడదు. మధ్యలో పరిశోధన వద్దనుకున్నా సెల్ కల్చర్ వచ్చిన చేతికి హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలోని టీకా, జీవ ఔషధాల (బయోలాజిక్స్) కంపెనీలలో పని ఉంటుంది. రోగి రోగనిరోధక కణాలనే మార్చి క్యాన్సర్ మీదికి పంపే కార్-టీ చికిత్సకు, దేశంలోనే తయారైనదానికి, 2023లో అనుమతి వచ్చాక కణ చికిత్సల తయారీలో కూడా మనుషులు కావాలి.

ఈ జవాబులోని ఆదివారాల సంగతి, పారబోసిన డిష్‌ల సంగతి ఆమెకు చదివి వినిపించండి. విన్నాక కూడా అదే మాట అంటే ఐఏటీ దరఖాస్తు నింపండి, నీట్ కూడా రాయించండి.