డ్యూటీ దిగి వచ్చాక ప్రార్థన: మేనకోడలికి ఉత్తరం

చిన్నీ,

ప్రభువు నామంలో వందనాలు. "అత్తా, మోకరిస్తే మాటలు రావట్లేదు, బైబిలు తెరిస్తే నిద్ర ముంచుకొస్తోంది, నేను భక్తిలో నులివెచ్చగా అయిపోయానేమో" అని రాశావు. ఆసుపత్రిలో వరసగా నైట్ డ్యూటీలు చేసే పిల్లకి నిద్ర రాక ఏమొస్తుందమ్మా? ముందు ఆ భయం తీసెయ్. ప్రకటన గ్రంథంలో ప్రభువు నులివెచ్చని వాళ్లని గద్దించాడు, నిజమే. ఆ లవొదికయ సంఘం "నాకేమియు కొదువలేదు" అనుకుని హాయిగా కూర్చుంది. నువ్వు కొదువ ఉందని కన్నీళ్లు పెట్టుకుంటున్నావు. ఆ మాట నీకు అంటగట్టుకోకు.

ఏలీయా ప్రవక్త సంగతి మళ్లీ చదువు, మొదటి రాజులు 19వ అధ్యాయం. కర్మెలు కొండ మీద అగ్ని దిగిరావడం కళ్లారా చూసిన మనిషి, ఆ వెంటనే బదరీ చెట్టు కింద పడిపోయి తన ప్రాణం తీసెయ్యమని దేవుణ్ణే అడిగాడు. దూత వచ్చి ప్రసంగం చెయ్యలేదు. తట్టి లేపి, లేచి భోజనం చెయ్యమన్నాడు. నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లు. తిని మళ్లీ పడుకుంటే మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు. హోరేబు కొండకి నడక ఆ తర్వాతే. అందుకని డ్యూటీ దిగి రాగానే మోకాళ్ల మీద పడి కునికిపాట్లు పడొద్దు. స్నానం చెయ్, తిను, "ప్రభువా, నీ చేతికి అప్పగించుకుంటున్నా" అని ఒక్క మాట చెప్పి పడుకో. లేచాక బైబిలు తియ్. నిద్రపోయే వీలున్నా నిద్ర పట్టకపోతే, ఊరికే ఏడుపొస్తూ ఉంటే, డాక్టరు దగ్గరకి వెళ్లు. అది అవిశ్వాసం అని ఎవరన్నా అంటే ఆ మాట చెవిలో వేసుకోకు.

ఇక అసలు సంగతి. ఉత్సాహం వచ్చాక చేద్దాం అనుకుంటే ఆత్మీయ జీవితంలో ఏదీ సాగదు. మీ నాయనమ్మ పొయ్యి దగ్గర గూట్లో ఒక చిన్న ముంత ఉండేది. ఎసట్లో పోయడానికి బియ్యం కొలిచాక, అందులోంచి ఒక పిడికెడు తీసి ముంతలో వేసేది. తవ్వ నిండా కొలిచిన రోజూ వేసేది, నూకలతో గడిపిన రోజూ వేసేది. ఆ రోజుల్లో పిడికిలి చిన్నదయ్యేది, అంతే. ఆదివారం ఆ బియ్యం గుడికి పోయేవి. అమ్మకి ఆ పని చేసేటప్పుడు ఒళ్లు పులకరించిందో లేదో నాకు తెలీదు, ఆవిడ ఎప్పుడూ అలాంటి సాక్ష్యం చెప్పలేదు. చెయ్యి మాత్రం ఆగలేదు. నీకూ అలాంటిదొకటి కావాలి, హాస్టల్ గదిలో కుదిరేంత చిన్నది. లేవగానే ఒక్క కీర్తన, పైకి చదువు, పెదాలు కదపాలి. మనసులో చదివితే నిద్రే గెలుస్తుంది. మాటలు రాకపోతే కీర్తనల్లో మాటలే వాడుకో. 13వ కీర్తన "ఎన్నాళ్లు" అనే మొదలవుతుంది. 88వ కీర్తన చివరి దాకా చీకట్లోనే ఉంటుంది, అయినా అది ప్రార్థనే. పాస్టరు అయ్యగారి ప్రార్థనలా గ్రాంథికంలో చెయ్యాలని ఏం లేదు, నాతో ఫోన్లో మాట్లాడినట్టే మాట్లాడు.

వార్డులో పేషెంటుకీ పేషెంటుకీ మధ్య చేతులు కడుక్కుంటావు కదా. ఆ సబ్బు నురగ ఉన్నంతసేపు, ఇప్పుడు చూసొచ్చిన మనిషిని పేరు పెట్టి ప్రభువుకి అప్పగించు. పైకి ఏమీ అనక్కర్లేదు. మన గదిలో పుట్టని ప్రార్థన చాలాసార్లు ఎదుటివాళ్ల బాధ దగ్గర పుడుతుంది.

మన ఒంగోలు ప్రార్థన కొండ సంగతి నీకు చిన్నప్పటి నుంచీ తెలుసు. 1854 జనవరి 1న తెల్లవారుజామున అమెరికా నుంచి వచ్చిన మిషనరీలు జ్యూయెట్ దంపతులు, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఆ కొండెక్కి ప్రార్థించారు. అప్పటికే వాళ్ల ఈ తెలుగు మిషను మూసేద్దామా అని అమెరికాలో చర్చ జరిగింది. ప్రసంగాల్లో అక్కడి నుంచి ఒక్క దూకున 1878 జూలై 3కి వచ్చేస్తారు, గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. నాకు మాత్రం మధ్యలోని ఏళ్లే ముఖ్యం. ఆ మిషను పని నడిపిన క్లౌ దొర ఒంగోలు వచ్చి కాపురం పెట్టిందే 1866లో. అంటే కొండ మీద ప్రార్థించాక పన్నెండేళ్లు పెద్దగా ఏమీ కనపళ్లేదు. ఈలోగా మూసేద్దామన్న మాట మళ్లీ వచ్చింది. తర్వాత 1876-78 కరవు. క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత తవ్వకం గుత్తకి తీసుకుని జనానికి కూలి దొరికేలా చూశాడు. మట్టి తట్టలు దించి కూర్చున్న కాసేపట్లో జనం వాక్యం విన్నారు. కూడు కోసం చేరుతున్నారేమో అని, కరవు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు కూడా. ఆ రోజు గుండ్లకమ్మలో బాప్తిస్మం ఇచ్చినవాళ్లు మన తెలుగు బోధకులే. కొండెక్కినవాళ్లు ఆ తర్వాతి సంవత్సరాలు ఎలా గడిపి ఉంటారా అని నేను చాలా ఆలోచిస్తాను. రోజూ లేచి అవే ఊళ్లు, అవే మాటలు. పౌలు గలతీయులకి "మేలుచేయుటయందు విసుకక యుందము" అని రాసింది ఇలాంటి ఏళ్ల గురించే అని నా నమ్మకం.

వాట్సాప్‌లో పొద్దున్నే వచ్చే బైబిలు వాగ్దానాలు చూసి, వాళ్లందరికీ నెరవేరుతున్నాయి, నాకే లేదు అనుకోకు. కొత్త సంవత్సరం రాత్రి నువ్వు తీసుకున్న వాగ్దాన కార్డు ఏ అధ్యాయంలోదో ఆ అధ్యాయమంతా చదువు. ఆ మాట దేవుడు ఎవరితో, ఏ కష్టంలో చెప్పాడో తెలిస్తే అది వేరేగా వినపడుతుంది.

ఒక్కదానివే ఉండిపోవడం మాత్రం నాకు నచ్చలేదు. ఆదివారం డ్యూటీ ఉంటే సాయంత్రం ఆరాధన ఉన్న గుడి ఏదో కనుక్కో. ఆలస్యమైనా వెళ్లు, వెనక బెంచీలో కూర్చో. పాట రాకపోతే పక్కావిడ పాడుతుంది, నువ్వు విను. మీ హాస్టల్లో ఇంకో విశ్వాసి పిల్ల ఉందన్నావు, వారానికి ఒక్కసారి ఇద్దరూ కలిసి పది నిమిషాలు ప్రార్థించండి. నీకు మాటలు రాని రోజు ఆ పిల్ల చేస్తుంది.

మన స్త్రీల సమాజం ఉపవాస ప్రార్థన ఈ శుక్రవారం. నీ పేరు నేను ఎటూ చెప్తాను. నీ వార్డులో ఎవరి కోసం ప్రార్థించాలో, పేర్లూ జబ్బులూ వద్దు, "ఒక చంటిబిడ్డ తల్లి", "ఒక ముసలాయన" అని రాసి గురువారం రాత్రిలోగా పంపించు. పెద్దక్షరాల్లో టైపు చెయ్, ఇక్కడ అందరికీ చదివి వినిపించాలి.

మీ అత్త