ఒసాకాలో సాయంత్రం తిండి టూరుకి వెళ్లేముందు

చి. ల. సౌ. స్వాతికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఒసాకాలో ఉండే మూడు రోజుల్లో ఒక సాయంత్రం గైడ్ వెంట చిన్న గుంపుతో తిండి టూరుకి వెళ్లాలా, మీ ఇద్దరే తిరగాలా అని అడిగావు. టూరుకే వెళ్లండి. అదీ మొదటి రోజు సాయంత్రమే పెట్టుకోండి. ఆ రోజు తెలుసుకున్నది మిగతా రెండు రోజులూ పనికొస్తుంది.

డబ్బు దండగేమో అన్న అనుమానం వద్దు. దోతొంబోరి కాలువ పక్కన పెద్ద పీత బొమ్మలూ నియాన్ దీపాలూ పెట్టుకున్న హోటళ్లకి ఎవరైనా వెళ్లొచ్చు. ఫొటోల మెనూ ఉంటుంది, వేలు పెట్టి చూపిస్తే చాలు. ఒసాకా వాళ్లు ఆఫీసు అయ్యాక వెళ్లేవి వేరే. సందులో మూసిన తలుపు, దాని ముందు వేలాడే గుడ్డ తెర, లోపల బల్ల ముందు ఎనిమిది కుర్చీలు, గోడకి అంటించిన కాగితం ముక్కల మీద చేత్తో రాసిన జపనీస్. ఆ తలుపు తీసే ధైర్యం కొత్తవాళ్లకి రాదు. లోపలి వాళ్లకీ మనల్ని చూస్తే టెన్షనే, ఏం కావాలో ఎలా అడగాలో తెలియక. గైడ్ ఉంటే ఆ తలుపు తెరుచుకుంటుంది. నువ్వు కట్టే డబ్బు ముఖ్యంగా అందుకే.

ఒక్క మాట బాగా గుర్తుపెట్టుకో. అక్కడికి మీరు వెళ్తున్నది ఆ గైడ్ పరువు మీద. ఎవరి తరఫు చుట్టంగానో పెళ్లికి వెళ్లినట్టు అనుకో. మనం ఎలా నడుచుకున్నా మాట పడేది తీసుకెళ్లినవాళ్లే. ఆ గైడ్ రేపు మళ్లీ ఇంకో ఆరుగురిని తీసుకుని అదే షాపుకి వెళ్లాలి. నేను కింద రాసేవన్నీ ఈ ఒక్క విషయం చుట్టూ తిరిగేవే.

టూరు ఎంచుకునేటప్పుడు గుంపు ఎంతమందో ముందు చూడు. ఆరుగురు, మహా అయితే ఎనిమిది మంది. అంతకు మించితే చిన్న షాపుల్లో పట్టరు, అప్పుడు వాళ్లు పెద్ద హాళ్లకే తీసుకెళ్తారు. ఎన్ని షాపులు, కట్టిన డబ్బులో ఎన్ని డ్రింకులు వస్తాయి, అదనంగా తాగితే ఎవరు కట్టాలి, ఇవి బుక్ చేసేముందే చదువు. గైడ్‌కి ప్రభుత్వ లైసెన్సు ఉందా లేదా అని మరీ పట్టించుకోకు. డబ్బు తీసుకుని గైడ్‌గా పనిచేయాలంటే ఒకప్పుడు లైసెన్సు తప్పనిసరి. 2018 జనవరి నుంచి ఆ నిబంధన లేదు. ఆ ఊళ్లోనే ఉంటున్న మనిషేనా, షాపుల వాళ్లతో పరిచయం ఉందా అన్నదే నాకు ముఖ్యం. వెళ్లొచ్చినవాళ్లు రాసిన మాటల్లో అది తెలిసిపోతుంది. సాయంత్రం 5, 6 మధ్య మొదలయ్యేదైతే ఇంకా మంచిది. జనం నిండకముందు షాపు యజమానికి మనతో నాలుగు మాటలు మాట్లాడే తీరిక ఉంటుంది.

ఇప్పుడు తిండి సంగతి. దీని గురించే ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మనవాళ్ల సాయంత్రాలు పాడయ్యేది ఇక్కడే.

నువ్వు కోడి, చేప తింటావు, మందు ముట్టవు. అల్లుడుగారు గుడ్డు వరకూ తింటారు, బీరు తాగుతారు. ఇంత చిన్న విషయం అక్కడ బల్ల ముందు కూర్చున్నాక చెబితే గైడ్‌కి తల కొట్టేసినంత పని అవుతుంది. ఆ షాపుల్లో వంటమనిషి ఒక్కడే, మధ్యాహ్నమే అన్నీ కోసి సిద్ధం చేసుకుని ఉంటాడు. అప్పటికప్పుడు మార్చడానికి ఏమీ ఉండదు. అతిథికి పెట్టడానికి ఏమీ లేదని చెప్పాల్సి రావడం వాళ్లకి చాలా బాధ. అందుకని బుక్ చేసిన రోజే మెసేజ్ పెట్టు.

ఆ మెసేజ్‌లో 'వెజిటేరియన్' అని ఒక్క మాట రాసి ఊరుకోకు. ముక్కలు కనబడకపోతే చాలు అనుకునేవాళ్లు జపాన్‌లో చాలామంది. విడివిడిగా రాయి: ఒకరు బీఫ్, పోర్క్ తినరు, చికెన్, చేప, రొయ్యలు, గుడ్డు తింటారు, మద్యం అసలు తాగరు. రెండోవారు మాంసం, చేప, రొయ్యలు ఏవీ తినరు, గుడ్డు, పాలు తీసుకుంటారు, బీరు తాగుతారు.

ఇది పంపేముందు అల్లుడుగారు మూడు విషయాలు తేల్చుకోవాలి. మొదటిది దాషి. అది వాళ్ల వంటకి ఆధారమైన రసం. కొంబు అనే సముద్రపు నాచు, ఎండబెట్టి పొగపెట్టిన కత్సువో చేప తురుము కలిపి తీస్తారు. ఒకప్పుడు ఉత్తరాన ఉన్న హొక్కైదో దీవి నుంచి ఓడల్లో కొంబు ఒసాకాకి దిగేది. అందుకే ఈ ఊరి వంటలో దాషి రుచి అంత బాగుంటుంది. కానీ మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూపు, వేయించిన తోఫూ మీద పోసే పులుసు, గుడ్డు రోల్, ఆఖరికి తకోయాకి అనే ఆక్టోపస్ ఉండల పిండి, సాధారణంగా అన్నిట్లోనూ చేప దాషి ఉంటుంది. రెండోది, మాంసం వేయించిన నూనెలోనే వేయించిన కూరగాయలు. మూడోది, కోడి కాల్చిన జల్లెడ మీదే కాల్చిన మిరపకాయలు, పుట్టగొడుగులు. వీటిలో ఏది ఫర్వాలేదు, ఏది కుదరదు అన్నది ఆయన ఇష్టం. ఏదైనా సరే, అది రాతలో ఉండాలి. దాషి కూడా వద్దంటే కొన్ని టూర్ల వాళ్లు మా వల్ల కాదని చెప్పేస్తారు. అలా చెప్పేవాళ్లు నిజాయితీపరులు. వాళ్లని బతిమాలకుండా వేరే టూరు చూసుకోండి.

ఆయన పస్తులుంటారని భయపడకు. ఉప్పు చల్లిన ఎదమామే (పచ్చి సోయా చిక్కుడు) కాయలు, చల్లటి తోఫూ, ఊరగాయ ముక్కలు, కాల్చిన షిషితో మిరపకాయలు, వేయించిన తామరదుంప దొరుకుతాయి. తోఫూ మీద చేప తురుము వేయొద్దని ముందే చెప్పించాలి. ఎర్రగా ఊరబెట్టిన అల్లాన్ని పిండిలో ముంచి వేయించే బజ్జీ ఒసాకా ప్రత్యేకం. అల్లం పచ్చడి ఇష్టపడే ఇంట్లో పుట్టినవాళ్లకి అది తప్పకుండా నచ్చుతుంది.

నీకైతే యాకితోరి, అంటే కాల్చిన కోడి పుల్లల షాపులో పండగే. తొడ ముక్క, ఉల్లికాడ పెట్టిన ముక్క, తోలు, కార్జం, గుండెకాయ, కందనకాయ, అన్నీ విడివిడిగా పుల్లలకి గుచ్చి బొగ్గుల మీద కాలుస్తారు. కందనకాయ ఉప్పుతో అడుగు. అయితే యాకితోరి షాపు అనగానే అంతా కోడే అనుకోకు. పంది పొట్టభాగం పుల్లలు కూడా అక్కడే కాలుతుంటాయి. దోతెయాకి అని మిసోలో ఉడికించి పెడతారు, అది ఎద్దు నరాల మాంసం. ఒకొనొమియాకి అట్టు మీద సాధారణంగా పంది ముక్కలు పరుస్తారు. గైడ్ చూసుకుంటారు కానీ నీకూ తెలిసి ఉంటే నిశ్చింతగా తింటావు.

డ్రింకుల దగ్గర నువ్వు జాగ్రత్తగా ఉండాల్సిన చోటు ఒకటుంది. ఊలాంగ్ చా అంటే ఉత్త టీ. ఊలాంగ్ హై అంటే అదే టీలో షోచూ అనే మద్యం కలిపినది. చూడ్డానికి రెండూ ఒకటే. చివర్లో హై అనో, సవా అనో వస్తే మందు ఉన్నట్టే లెక్క. లెమన్ సవా అంటే నిమ్మరసం కాదు. ఉమెషు తియ్యగా ఉంటుంది కాబట్టి షర్బత్ అనుకుంటారు, అదీ మద్యమే. ఊలాంగ్ చా, జింజర్ ఏల్ అడుగు. తాగనివాళ్లని అక్కడ ఎవరూ బలవంతపెట్టరు. కాకపోతే షాపులో కూర్చున్నాక ముందుగా డ్రింకు చెప్పాలి, తిండి తర్వాత. నువ్వు టీ అయినా సరే చెప్పాలి, మంచినీళ్లతో సరిపెట్టకూడదు. అంత చిన్న షాపు నడిచేది ఆ డ్రింకుల మీదే. అందరి చేతుల్లోకీ గ్లాసులు వచ్చి కంపాయ్ (చీర్స్) అనేదాకా ఎవరూ తాగకండి.

అల్లుడుగారికి ఇది చదివి వినిపించు. మందు పాలు బీరులో 5 శాతం, సాకే అనే బియ్యపు మద్యంలో 15, 16 శాతం, షోచూలో 25 శాతం దాకా ఉంటుంది. సాకే చిన్న గిన్నెల్లో వస్తుంది కాబట్టి ఎంత తాగామో తెలియదు. పక్కనే మంచినీళ్లు పెట్టుకుని గుక్క గుక్కకీ మధ్య తాగాలి. జపాన్ వాళ్లూ అలాగే చేస్తారు. మొదటి షాపులో కడుపు నింపేయకండి. మూడు నాలుగు చోట్లకి తీసుకెళ్తారు, అసలు రుచులు సాధారణంగా రెండో, మూడో షాపుల్లో ఉంటాయి. అలాగని ఖాళీ కడుపుతో బీరు వద్దు. నాలుగింటికి ఒక అరటిపండో, రైస్‌బాలో తిని వెళ్లండి. ఆయన షుగరు మాత్రలేమైనా వాడుతుంటే మందు గురించి డాక్టర్ని ఇక్కడే అడిగి రమ్మను.

కూర్చోగానే తడి తువ్వాలు ఇస్తారు, అది చేతులకి. అడగకుండానే ఒక చిన్న గిన్నెలో ఏదో తెచ్చి పెడతారు. అది కూర్చున్నందుకు తీసుకునే రుసుము కింద లెక్క, సాధారణంగా మనిషికి 300 నుంచి 500 యెన్లు. టూరులో అయితే ఆ డబ్బులు గైడే చూసుకుంటారు. మీరిద్దరే వెళ్లినప్పుడు బిల్లులో కనిపిస్తే మోసమని గొడవ పడకండి. చాప్‌స్టిక్స్‌ని అన్నంలో నిలువుగా గుచ్చకూడదు, ఒకరి పుల్లల నుంచి ఇంకొకరి పుల్లలకి ముక్క అందించకూడదు. రెండూ చావు కర్మలకి సంబంధించినవి. రుచి చూపించాలంటే ప్లేటులో పెట్టు. ఫొటో తీసేముందు యజమానిని అడిగించు. తిండి ఫొటోకి సాధారణంగా ఎవరూ కాదనరు, పక్కన తాగుతున్నవాళ్ల మొహాలు పడితే మాత్రం ఇబ్బంది. గైడ్ లేవమనగానే లేవండి, బయట ఆ కుర్చీల కోసం ఎవరో ఎదురుచూస్తూ ఉంటారు. టిప్పు పెట్టొద్దు. లేచేటప్పుడు 'గొచిసోసమా' (మంచి భోజనం పెట్టారు, ధన్యవాదాలు) అని యజమాని కళ్లలోకి చూసి చెప్పు, ఆ మొహంలో వచ్చే సంతోషం నీకే తెలుస్తుంది.

ఏ పేట టూరు తీసుకోవాలంటావా, నా ఓటు షిన్‌సెకాయ్‌కే. 1912లో కట్టిన పేట అది. ఇప్పుడున్న త్సూతెన్‌కాకు టవరు 1956 నాటిది. మెరుగులు తక్కువ, మనుషులు మాటకారులు. కుషికాట్సుకి పేరున్నది ఇక్కడే. పుల్లకి గుచ్చిన ముక్కని పిండిలో, బ్రెడ్ పొడిలో ముంచి వేయిస్తారు. అందరికీ ఉమ్మడిగా ఉన్న సాసు డబ్బాలో ఒక్కసారే ముంచాలి, కొరికినది మళ్లీ ముంచకూడదు. ఎంగిలి అంటే ఏమిటో మనకి ఒకరు చెప్పక్కర్లేదు కదా. సాసు చాలకపోతే అక్కడ పెట్టిన క్యాబేజీ ఆకుతో తీసి పోసుకోవచ్చు. కరోనా తర్వాత చాలా షాపులు సీసాలకి మారాయి. అయితే అక్కడ అన్నీ ఒకే నూనెలో వేగుతాయి, నూనెలో జంతువుల కొవ్వు కలిపే షాపులూ ఉన్నాయి. అందుకని నూనె పట్టింపు ఉంటే అల్లుడుగారికి ఈ పేట కుదరదు. అప్పుడు నంబా వైపు సందుల టూరు తీసుకోండి. అక్కడైతే హోజెంజీ సందులో నాచు కప్పేసిన ఫుదో అనే బౌద్ధ దేవత విగ్రహం మీద నీళ్లు పోసి దణ్ణం పెట్టుకునే వీలుంటుంది. దీపాలు పెట్టాక ఆ రాళ్లు పరిచిన సందు చూడాల్సిందే.

సెంటు కొట్టుకోకు, అంత దగ్గరగా కూర్చున్న చోట అది అందరి తిండి వాసననీ చంపేస్తుంది. పెద్ద బ్యాగులు హోటల్లో పెట్టి వెళ్లండి. నిలబడి తాగే షాపులు కూడా ఉంటాయి కాబట్టి నడవడానికి వీలైన బూట్లు వేసుకోండి, సాక్సులు చిరుగుల్లేకుండా చూసుకోండి, కొన్నిచోట్ల బూట్లు విప్పాలి. 2020 ఏప్రిల్ నుంచి హోటళ్ల లోపల సిగరెట్ నిషేధమే అయినా చిన్న పాత షాపులకి మినహాయింపు ఉంది. పొగ పడకపోతే అదీ ముందే రాయి. చేతిలో కొంచెం నగదు ఉంచుకోండి, కార్డు తీసుకోని షాపులు ఇంకా ఉన్నాయి. చెప్పిన టైముకి పది నిమిషాలు ముందే చేరండి. షాపుల్లో కుర్చీలు నిమిషం లెక్కన పట్టి పెట్టి ఉంటారు. మీరు ఆలస్యమైతే మొత్తం గుంపుకి ఒక షాపు పోతుంది.

టూరు అయ్యాక ఇంకో చోట కూర్చోవాలనిపిస్తే గైడ్‌నే అడిగి వెళ్లండి. రోడ్డు మీద నవ్వుతూ పిలిచి చౌకగా ఇస్తామనేవాళ్ల వెంట మాత్రం ఎంత మర్యాదగా పిలిచినా వెళ్లకండి. బిల్లు మీ కళ్లు తిరిగేలా వేస్తారు. అద్దె సైకిల్ మీద వెళ్లే ఆలోచన ఉంటే మానుకోండి. 2024 నవంబరు నుంచి మందు తాగి సైకిల్ తొక్కినా 3 ఏళ్ల జైలు లేదా 5 లక్షల యెన్ల జరిమానా దాకా పడొచ్చు. మెట్రో దాదాపు అర్ధరాత్రికి ఆగిపోయి మళ్లీ ఉదయం 5 ప్రాంతంలో మొదలవుతుంది, మీ స్టేషనుకి ఆఖరి రైలు ఎప్పుడో పొద్దున్నే చూసి పెట్టుకోండి.

విడిపోయేముందు నచ్చిన షాపు పేరూ, అల్లుడుగారు తినేవి తిననివీ జపనీస్‌లో ఒక కాగితం మీద రాసివ్వమని గైడ్‌ని అడుగు. సంతోషంగా రాస్తారు. రెండో రోజు సాయంత్రం ఆ కాగితం పట్టుకుని అదే షాపుకి మీ ఇద్దరే వెళ్లండి, ఈసారి తలుపు నువ్వే తియ్యి.

మెసేజ్ రాశాక పంపేముందు నాకొకసారి చూపించు, ఏమైనా మిగిలిపోతే చెబుతాను. మీ అమ్మని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ