స్లయిడ్ వెనక్కి ఎందుకొస్తుందో ముందు అది చెప్పు

అమ్మాయ్,

చిన్న పిస్టళ్ళ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను, మొదటిసారి ఓపిగ్గా, రెండోసారి కోపంగా. కోపం ఎక్కడొచ్చిందో ముందే చెప్పేస్తా, లేకపోతే మాటల్లో పడి మర్చిపోతాను. రెండో పేజీలో "ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే చాలు, ఇక బుల్లెట్ల వర్షమే" అని రాశావు చూడు, అక్కడ. హెడ్డింగులో సెమీ ఆటోమేటిక్ పిస్టల్ అని నువ్వే పెట్టి, కింద నువ్వే వర్షం కురిపిస్తే ఎలా తల్లీ. ఒక నొక్కుడికి ఒక్క రౌండే, అంటే ఒక్క తూటాయే పేలుతుంది, మళ్ళీ పేలాలంటే వేలు వదిలి మళ్ళీ నొక్కాల్సిందే. ఖాళీ కేసు, అంటే పేలిన తూటా గుల్లని బయటికి విసిరేసి కొత్త రౌండుని ఛాంబర్‌లోకి, అంటే గొట్టం వెనక అది పేలే గదిలోకి ఎక్కించుకోవడం వరకే అది సొంతంగా చేసుకునే పని. నీకిది తెలియదని నేననుకోవట్లేదు, ఎందుకంటే ఐదో పేజీలో నువ్వే సరిగ్గా రాశావు. అంటే ఆ వాక్యం చెవికి బాగుందని తెలిసీ ఉంచేసుకున్నావన్నమాట, నా కోపమల్లా దానికే.

నాలుగో పేజీలో "ఇది కనపడకుండా ఉండటానికే పుట్టిన వస్తువు" అన్నావు. మంచి లైను. అక్కడ కాసేపు ఆగిపోయాను కూడా.

కానీ ఆ లైను తర్వాత ఏం పెట్టావ్? టేబుల్! జర్మనీ వాళ్ళ చిన్న పిస్టల్ వాల్తర్ పీపీకే పొడవు 155 మిల్లీమీటర్లు, బ్యారెల్ (గొట్టం) 83 మిల్లీమీటర్లు, 7.65 మిల్లీమీటర్ క్యాలిబర్‌లో (తూటా లావు) 7 రౌండ్లు. అంకెలన్నీ కరెక్టే, తప్పు పట్టడానికేం లేదు. కానీ 7 ఎందుకు, 15 ఎందుకు కాదు? బ్యారెల్ ఫ్రేముకి (చేత్తో పట్టుకునే కింది భాగం) కదలకుండా ఎందుకు బిగించారు? ఇవేవీ చెప్పకుండా అంకెలు పేర్చుకుంటూ పోతే అది కంపెనీ వాడి కేటలాగు, దానికి నీ పేరెందుకు. ఇప్పుడందరూ ఇదే పని చేస్తున్నారు, టాప్ టెన్ అంటారు, మీకు తెలుసా అంటారు, షాకింగ్ నిజాలంటారు, మొత్తం చదివి లేచాక ఆ వస్తువు ఎలా పనిచేస్తుందో చదివినవాడికీ తెలియదు రాసినవాడికీ తెలియదు.

స్లయిడ్ అంటే పిస్టల్ పైన వెనక్కీ ముందుకీ జారే ఉక్కు ముక్క, దాని గురించి నేను ఎవరికైనా చెప్పేది ఒకటే. స్లయిడ్ వెనక్కి ఎందుకొస్తుందో ముందు అది చెప్పు. అది చెప్పగలిగితే చిన్న పిస్టల్ చరిత్రంతా దాని వెనకాలే వచ్చేస్తుంది.

చూడు, రౌండు పేలినప్పుడు గ్యాసు బుల్లెట్‌ని ముందుకి ఎంత తోస్తుందో ఖాళీ కేసుని వెనక్కి అంతే తోస్తుంది. ఆ కేసు వెనకాల ఉన్నది స్లయిడ్. తలుపు తెరుచుకోకుండా వెనక బియ్యం బస్తా ఆనించినట్టు, స్లయిడ్ బరువూ స్ప్రింగు బలమూ కలిసి ఆ కేసుని ఒక్క క్షణం ఆపుతాయి, ఈలోగా బుల్లెట్ బ్యారెల్ దాటిపోతుంది, లోపలి ప్రెషర్ పడిపోతుంది, అప్పుడు స్లయిడ్ వెనక్కొచ్చి కేసుని విసిరేస్తుంది. తాళం లేదు, గొళ్ళెం లేదు, ఉన్నదల్లా బరువే. దీన్నే బ్లోబ్యాక్ అంటారు. రౌండు బలహీనంగా ఉన్నంతవరకు ఇది భేషుగ్గా నడుస్తుంది. అమెరికా తుపాకుల డిజైనరు జాన్ బ్రౌనింగ్ బెల్జియంలోని ఎఫ్ఎన్ కంపెనీకి చేసిచ్చిన మోడల్ 1900 ఇలాంటిదే, దానికి 7.65 రౌండుని కూడా ఆయనే తయారు చేశాడు. నువ్వేమో ఆ రౌండుని "తక్కువ శక్తి కలిగిన పాతకాలపు" అని తీసిపారేశావు. ఆ తక్కువ శక్తి వల్లే కదమ్మా ఆ తుపాకీ జేబులో పట్టింది!

ఆ 1900 మోడల్‌లో స్లయిడ్‌ని ఆపే ఆ స్ప్రింగు (రికాయిల్ స్ప్రింగు) బ్యారెల్ పైన ఉండేది, అందుకే చూడటానికి పైన ఇంకో గొట్టం మోస్తున్నట్టు ఉంటుంది. తర్వాత 1910 మోడల్‌కి వచ్చేసరికి అదే బ్రౌనింగ్ ఆ స్ప్రింగుని తీసి బ్యారెల్ చుట్టూ తొడిగేశాడు. అంతే, పైభాగం సన్నబడింది, జేబులో తగులుకునేవి ఏమీ లేకుండా నున్నగా అయిపోయింది. అమెరికాలో కోల్ట్ కంపెనీ వాళ్ళు ఆ డిజైను వద్దంటే ఎఫ్ఎన్ వాళ్ళు తీసుకున్నారు (ఎడిటర్లే కాదు, కంపెనీలు కూడా వద్దంటాయి, గుర్తుపెట్టుకో). 1914లో సరయేవోలో ఆస్ట్రియా యువరాజుని కాల్చిన ప్రిన్సిప్ చేతిలో ఉన్నది ఈ మోడలే, 9 మిల్లీమీటర్ షార్ట్ రౌండుది. నువ్వు ప్రిన్సిప్ గురించి పేరాగ్రాఫున్నర రాశావు, స్ప్రింగు చోటు మారిన సంగతి ఒక్క ముక్క లేదు. నా లెక్కలో స్ప్రింగే పెద్ద వార్త. 1945లో హిట్లర్ పీపీకేతో కాల్చుకున్న పేరా కూడా అలాంటిదే, తీసెయ్, దానివల్ల పీపీకే గురించి మనకి కొత్తగా తెలిసిందేమీ లేదు.

ఇక అసలు వాల్తర్ దగ్గరికి రా. 1929లో పీపీ, వెంటనే దాన్ని కుదించి పీపీకే. డబుల్ యాక్షన్ ట్రిగ్గర్ ఉన్న "ప్రపంచపు మొట్టమొదటి పిస్టల్" అన్నావు, కాదు. అలోయిస్ టోమిష్కా అనే చెక్ డిజైనర్ చేసిన లిటిల్ టామ్ అంతకుముందే ఉంది. వాల్తర్ గొప్పంతా ఆ పద్ధతిని నిజంగా నడిచేలా చేసి అమ్మగలగడంలో ఉంది. ఈ మొట్టమొదటి, ఏకైక, అత్యద్భుత లాంటి మాటలు రాసేముందు చెయ్యి కాస్త వెనక్కి లాక్కో. ట్రిగ్గర్ ఎందుకు మార్చాల్సొచ్చిందో చెప్పావా అంటే అదీ లేదు. జేబులో పిస్టల్ పెట్టుకున్న పోలీసోడికి రెండు భయాలు. ఛాంబర్ ఖాళీగా పెట్టుకుంటే అవసరానికి స్లయిడ్ లాగే టైముండదు. ఎక్కించి హ్యామర్ (రౌండుని పేల్చే సుత్తి) లేపి పెట్టుకుంటే తన కాలే పేలుతుందేమోనని. డబుల్ యాక్షన్‌లో రౌండు ఛాంబర్‌లో ఉంటుంది, హ్యామర్ కింద పడుకుని ఉంటుంది, మొదటిసారి ట్రిగ్గరే దాన్ని లేపి వదలాలి కాబట్టి బరువుగా చాలాదూరం లాగాలి, రెండోసారి నుంచి స్లయిడే హ్యామర్‌ని లేపుతుంది కాబట్టి తేలిగ్గా కొంచెం లాగితే చాలు. సేఫ్టీ లివర్ కిందికి తిప్పితే హ్యామర్ పేల్చకుండా దిగుతుంది. స్లయిడ్ వెనకవైపు హ్యామర్‌కి పైన చిన్న పిన్ను బయటికొచ్చి ఉంటే లోపల రౌండున్నట్టు, చీకట్లో కూడా బొటనవేలికి తెలుస్తుంది. ఇదంతా నువ్వు "పలు అధునాతన భద్రతా ఫీచర్లు" అని నాలుగు మాటల్లో తేల్చేశావ్.

నేను డిటెక్టివ్ సీరియల్స్ రాసే రోజుల్లో తుపాకులు బాగుచేసే ఒక రిటైర్డ్ ఆర్మరర్ని పట్టుకున్నా, ఎంత బతిమాలానో నాకే తెలుసు, చివరికి లైసెన్సున్న తన స్నేహితుడి ఇంట్లో పాత పీపీకే ఒకటి విప్పి చూపించాడు. ముందు మ్యాగజైన్, అంటే పిడిలో తూటాలుండే పెట్టె తీసేశాడు, స్లయిడ్ లాగి ఛాంబర్‌లోకి చూశాడు, చూసింది చాలక చిటికెనవేలు పెట్టి తడిమాడు. ఆ తర్వాత ట్రిగ్గర్ చుట్టూ ఉండే గార్డుని కిందికి లాగి కొంచెం పక్కకి ఆనించి, స్లయిడ్ని పూర్తిగా వెనక్కి లాగి వెనకవైపు పైకెత్తి ముందుకి జార్చేశాడు. బ్యారెలూ దాని చుట్టూ స్ప్రింగూ ఫ్రేము మీద అలాగే మిగిలాయి. ఒక్క స్క్రూ విప్పలేదు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే ఆయన కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం మీద పాత గాటు చూపించి "పట్టు కాస్త పైకి పోతే ఇది కొరుకుతుంది సార్" అన్నాడు. స్లయిడ్ వెనక్కొచ్చేటప్పుడు కిందంచు అక్కడ కోస్తుందట. తర్వాతెప్పుడో అమెరికాలో తయారైన వాటికి ఫ్రేము వెనక మొనని పొడుగు చేసింది దీనికోసమే. చిన్నది చేస్తే చెయ్యి పట్టే చోటు తగ్గుతుంది, ఆ తగ్గుదలకి ఎవరో ఒకరు చర్మంతో కట్టాలి. ఇది ఏ టేబుల్లో రాస్తావ్ నువ్వు?

ఆయన చూపించిందంతా సీరియల్లో పెట్టా. పత్రిక ఎడిటర్ ఏం చేశాడో తెలుసా, పక్కపక్క వాక్యాల్లో పిస్టల్ అని రెండుసార్లు వచ్చిందని రెండోదాన్ని రివాల్వర్ చేశాడు, చదవడానికి బాగుంటుందట. రివాల్వర్‌కి మ్యాగజైనే ఉండదు, తూటాలు తిరిగే సిలిండర్‌లో ఉంటాయి, అయినా అచ్చులో మా ఇన్‌స్పెక్టరు రివాల్వర్‌లోంచి మ్యాగజైన్ బయటికి లాగాడు! బొమ్మేసినాయన ఇంకో అడుగు ముందుకేసి నిజంగానే రివాల్వర్ వేశాడు. పాఠకుల తిట్లు మాత్రం నాకొచ్చాయి. అడగడానికి వెళ్తే ఆ ఎడిటరు "పాఠకులకి ఆ తేడా ఏం తెలుస్తుందండీ" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గొంతులో ముల్లులాగే ఉంది. పైగా ఆ రోజుల్లో యంత్రం గురించి రాసేవాడంటేనే సాహిత్యం వాళ్ళకి చిన్నచూపు, మనసు గురించి రాస్తేనే రచయిత, స్ప్రింగు గురించి రాస్తే మెకానిక్కు.

పాఠకులకి తెలుస్తుందమ్మా. నువ్వు వ్యాసం జేమ్స్ బాండ్‌తో మొదలుపెట్టావు కదా (అందరూ అక్కడే మొదలుపెడతారు), ఆ బాండ్‌కి పీపీకే ఎలా వచ్చింది? బూత్‌రాయిడ్ అనే తుపాకుల పిచ్చోడు 1956లో బాండ్ రచయిత ఇయాన్ ఫ్లెమింగ్‌కి ఉత్తరం రాశాడు, మీ హీరోకిచ్చిన ఆ .25 బెరెట్టా ఆడవాళ్ళ తుపాకీ అండీ, మార్చండీ అని. ఫ్లెమింగ్ మర్యాదగా విని పీపీకే ఇచ్చాడు, బూత్‌రాయిడ్ పేరు మీద ఒక పాత్ర కూడా పెట్టాడు. కానీ బూత్‌రాయిడ్ ఒక రివాల్వర్‌తో పాటు చెప్పిన బెర్న్స్ మార్టిన్ ఒరని తెచ్చి పీపీకేకి తగిలించాడు. ఆ ఒర రివాల్వర్ సిలిండర్‌ని స్ప్రింగుతో పట్టి ఉంచేది, సిలిండరే లేని పిస్టల్‌ని అదేం పట్టుకుంటుంది? అంత పెద్ద రచయిత కూడా పేర్లు తీసుకున్నాడు గానీ ఎందుకో అడగలేదు. బాండ్ నీకు కావాలంటే ఆ ఒరతో మొదలుపెట్టు, లేకపోతే ఆయన్ని వదిలెయ్.

మకరోవ్ పిస్టల్‌ని "రష్యన్ కాపీ" అని ఒక్క లైన్లో కొట్టిపారేయడం కూడా నాకు నచ్చలేదు. పీపీని చూసే చేశారు, కాదనను, 1951లో సోవియట్ సైన్యం తీసుకుంది. కానీ లోపల ఒకే ఒక్క పట్టీ స్ప్రింగు హ్యామర్‌ని తోస్తుంది, ట్రిగ్గర్ లాగుడుని హ్యామర్‌కి చేర్చే బార్‌ని ఒత్తి పడుతుంది, దాని కింది కొస మ్యాగజైన్‌ని పట్టుకుంటుంది. మూడు పనులకి ఒక ముక్క. కాపీ కొట్టేవాడికి ఇంత బుర్ర ఎందుకుంటుంది?

కొన్నిసార్లు డిజైనరు కాదు, గుమాస్తా మారుస్తాడు తుపాకీని. 1968లో అమెరికా కొత్త చట్టం తెచ్చింది, దిగుమతయ్యే పిస్టళ్ళకి సైజు, బరువు, సేఫ్టీలు చూసి పాయింట్లేసేవాళ్ళు. పీపీకే కొద్దిలో ఫెయిలైంది. వాల్తర్ వాళ్ళు పీపీ ఫ్రేము మీద పీపీకే స్లయిడూ బ్యారెలూ పెట్టి పీపీకే ఎస్ అన్నారు, పాసైపోయింది, అదనంగా ఒక రౌండు కూడా పట్టింది. దాచుకోవడానికి కుదించినదాన్ని కాగితం కోసం మళ్ళీ పెంచారు, చూడు ఎంత మంచి కథో, నీ వ్యాసంలో అది "మరో వేరియంట్".

చివరికి గ్లాక్, ఆస్ట్రియా పిస్టల్. ఎయిర్‌పోర్టు స్కానర్‌కి దొరకని ప్లాస్టిక్ తుపాకీ అని రాశావే, ఆ పుకారు 1980ల నాటిది, ఇంకా చావలేదు. ఫ్రేమే పాలిమర్ (గట్టి ప్లాస్టిక్), స్లయిడూ బ్యారెలూ ఉక్కు, స్కానర్‌లో శుభ్రంగా కనపడుతుంది. పాలిమర్ ఫ్రేములో కూడా అది మొదటిది కాదు, 1970లోనే హెక్లర్ అండ్ కాక్ కంపెనీ వీపీ70 పిస్టల్ ఉంది. ఆస్ట్రియా సైన్యం 1982లో గ్లాక్ 17 తీసుకుంది, దాన్ని కుదిస్తే 1988లో గ్లాక్ 19 వచ్చింది, 15 రౌండ్లు. ఇక్కడ మళ్ళీ స్లయిడ్ ప్రశ్నకే రావాలి. ఇది 9 మిల్లీమీటర్ పారాబెల్లమ్, గట్టి రౌండు, ఉత్త బరువుతో ఆపాలంటే స్లయిడ్ ఇనపదిమ్మె అయిపోతుంది. అందుకని బ్యారెల్ స్లయిడ్‌కి తగులుకుని ఉంటుంది, రెండూ కలిసి కొంచెం వెనక్కొస్తాయి, ప్రెషర్ పడ్డాక బ్యారెల్ వెనకభాగం కిందికి వంగి విడిపోతుంది. ఇదీ బ్రౌనింగ్ వదిలెళ్ళిన ఆస్తే. 2018లో వచ్చిన సిగ్ పీ365 పీపీకే కంటే పొట్టి, 147 మిల్లీమీటర్లు, అయినా అదే గట్టి రౌండ్లు 10 పడతాయి. ఎలా? మ్యాగజైన్ కింద రెండు వరుసలుగా ఉండి పైకొచ్చేకొద్దీ ఒక వరుసకి సన్నబడుతుంది, ఆ సన్నబడే చోటుని వాళ్ళు తిరిగి లెక్కేసుకున్నారు. నీ వ్యాసంలో నిజంగా కొత్త విషయమేదైనా ఉందంటే అదే, దాన్ని ఆఖరి పేజీలో ఆఖరి రెండు లైన్లకి తోసేశావు.

కలం పేరు పెట్టుకోనా అన్నావు, ఏ పత్రికకి పంపమంటారు అన్నావు, పారితోషికం ఎంతిస్తారు అన్నావు. వాటి సంగతి తర్వాత చూద్దాం.

ప్రస్తుతానికి మొదటి మూడు పేజీలు చింపెయ్, ఆ కనపడకుండా పుట్టిన వస్తువు లైనుతో మొదలెట్టు, టేబుల్ తీసెయ్, అంకె వచ్చిన ప్రతిచోటా పక్కనే కారణం రాయి, కారణం దొరకని అంకె కొట్టెయ్. రాశాక మళ్ళీ పంపు. ఈసారి అక్షరాలు కాస్త పెద్దవి చెయ్యి, నీ ఫుట్‌నోట్లు చదవడానికి భూతద్దం వెతుక్కోవాల్సొచ్చింది.