రెండెకరాల్లో గుమ్మడి: ఏ రకం వేయాలో కొనేవాణ్ణి అడిగాక తేల్చుకోండి

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర పల్లె. రెండెకరాల ఎర్రనేల, బోరు, డ్రిప్ ఉన్నాయి. ఇన్నేళ్లూ టమాటానే వేశాను, రేటుతో విసిగిపోయి ఈసారి గుమ్మడి వేద్దామనుకుంటున్నాను. విత్తనాల షాపులో ఒక హైబ్రిడ్ చూపించి కాయ పది కిలోలు తూగుతుంది తీసుకో అంటున్నారు. మా బావమరిది అర్క చందన్ వేయమంటాడు, ఇంకొకాయన పూసా విశ్వాస్ అంటాడు. ఏది వేస్తే నాలుగు డబ్బులు మిగులుతాయి? ఇంట్లో దాచిన పాత గింజలు ఉన్నాయి, అవి వేయొచ్చా? పక్కన సొర తోట ఉంటే గుమ్మడి చేదెక్కుతుందంటున్నారు, నిజమేనా?

జవాబు: షాపాయన పది కిలోలు అన్నాడు సరే, ఆ పది కిలోల కాయ ఎవరు కొంటారో చెప్పాడా? ముందు అది తేలాలి. మిగతా కూరగాయల్లో రకం అంటే దిగుబడి, తెగులు, ఈ రెండే చూసుకుంటాం, కానీ గుమ్మడిలో కాయ సైజు తేడా ఎంతంటే ఒక రకం కిలో కాయ, ఇంకోటి ఎనిమిది కిలోల కాయ, రెండూ గుమ్మడే, రెండింటినీ కొనేవాళ్లు మాత్రం వేరు. నలుగురున్న ఇంట్లో ఎనిమిది కిలోల కాయ ఎవరూ కొనరు. అది హోటళ్లకి, కేటరింగ్ వాళ్లకి, ముక్కలు కోసి తూకానికి అమ్మే బండివాళ్లకి పోతుంది. రైతుబజారులో, సూపర్ మార్కెట్లో నిండు కాయ అమ్మాలంటే రెండు, మూడు కిలోలు దాటితే చెయ్యి వెనక్కి పోతుంది. ముక్కలమ్మే వాళ్లు పైన తోలు చూడరు, కోశాక లోపల కండ రంగు చూస్తారు, పాలిపోయిన పసుపు ఉంటే సగం రేటు కూడా ఇవ్వరు.

అందుకే నా మాట ఏంటంటే, విత్తనం కొనకముందే మీరు సరుకు వేయబోయే మండీకి వెళ్లి ఒక ఉదయం నిలబడండి. మీకు మదనపల్లె నుంచి బెంగళూరు, చెన్నై రెండూ లారీ రాత్రి ఎక్కిస్తే తెల్లారేసరికి చేరే దూరంలోనే ఉన్నాయి, అది మీకున్న పెద్ద లాభం. ఏ సైజు కాయ ముందు ఖాళీ అవుతోంది, ఏది మూల పడి ఉంది, ఎంత తరుగు తీస్తున్నారు, ఇవి కళ్లతో చూడండి. దిగుబడి సంగతి ఆ తర్వాతే.

ఇప్పుడు రకాల మాటకొద్దాం. మీరడిగింది కూర గుమ్మడి గురించి కాబట్టి బూడిద గుమ్మడి జోలికి వెళ్లడం లేదు, దాని మార్కెట్ పూర్తిగా వేరు.

అర్క చందన్ బెంగళూరు హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన రకం. కాయ రెండు నుంచి మూడు కిలోలు, గుండ్రంగా, పూత వైపు కొంచెం నొక్కినట్టు ఉంటుంది, పండితే లేత గోధుమ రంగు మీద మీగడ రంగు మచ్చలు వస్తాయి. కండ ముదురు నారింజ, తీపి ఎక్కువ, కోస్తే మంచి వాసన. 115 నుంచి 120 రోజుల పంట. హెక్టారుకి 33 టన్నులని సంస్థ లెక్క, అంటే ఎకరాకి 13 టన్నుల పైచిలుకు. పరిశోధనా క్షేత్రం లెక్క అది, రైతు పొలంలో మూడింట రెండొంతులు వస్తే సంతోషంగా ఇంటికి పోవచ్చు. మిగతా రకాలకి నేను చెప్పబోయే అంకెల్ని కూడా ఇలాగే తగ్గించుకుని చూసుకోండి.

పూసా విశ్వాస్ ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ (ఐఏఆర్ఐ) రకం. తీగ బాగా పాకుతుంది, ఆకు ముదురాకుపచ్చ మీద తెల్ల మచ్చలుంటాయి (ఈ మచ్చలు చూసి తెగులనుకుని మందు కొట్టేవాళ్లున్నారు, అది రకం గుణం). కాయ ఐదు కిలోలు, లేత గోధుమ రంగు, కండ మందం, బంగారు పసుపు. హెక్టారుకి 40 టన్నులు, ఎకరాకి 16 అనుకోండి, 120 రోజులు. కాగితం మీద చందన్ కంటే మూడు టన్నులు ఎక్కువ, కాదనను. కానీ ఆ రకాన్ని ఉత్తరాది మార్కెట్టుని, అక్కడి వాతావరణాన్ని చూసుకుని చేశారు, పైగా ఐదు కిలోల కాయకి మీ దగ్గర కొనేవాడు ఉన్నాడో లేదో నాకంటే మీ మండీ ఆయనకే బాగా తెలుసు.

ఒక లెక్క వేసి చూపిస్తాను, రేట్లు నేను ఊహించి వేసినవి, మీరు ఆ రోజు రేటు పెట్టుకోండి. పెద్ద కాయ ఎకరాకి 16 టన్నులు, కిలో 8 రూపాయలు అనుకుంటే లక్షా 28 వేలు. చిన్న కాయ 11 టన్నులే వచ్చింది, కానీ కిలో 12 పలికింది అనుకుంటే లక్షా 32 వేలు. పైగా ఐదు టన్నులకి కోత కూలి, హమాలీ, లారీ బాడుగ మిగిలాయి. రేటులో నాలుగు రూపాయల తేడా ఉంటుందా, రెండే ఉంటుందా అన్నదే మీ ప్రశ్నకి అసలు జవాబు, అది మండీలో దొరుకుతుంది, విత్తనాల షాపులో దొరకదు.

ఇంకా చిన్న కాయ కావాలంటే అదే బెంగళూరు సంస్థ వాళ్లది అర్క సూర్యముఖి ఉంది. కిలో నుంచి కిలోన్నర, నారింజ తోలు మీద తెల్లటి చారలు, చూడ్డానికే ముద్దొస్తుంది, పండు ఈగని తట్టుకుంటుంది, నిలవకీ రవాణాకీ బాగుంటుంది, 100 రోజుల్లోనే అయిపోతుంది, దిగుబడి హెక్టారుకి 34 టన్నులు. మరి ఇంత మంచిదైతే అందరూ అదే వేయొచ్చు కదా అంటారా? పల్లెటూరి సంతలో ఆ రంగు కాయని గుమ్మడి అంటే నమ్మని వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బెంగళూరు సూపర్ మార్కెట్ వాళ్లతో మాట ఉంటే వేయండి, లేకపోతే రెండు, మూడు సాళ్లు వేసి చూడండి.

కోయంబత్తూరు తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లవి రెండు పాత రకాలు. కో-1 కాయ ఏడెనిమిది కిలోలు, కానీ 175 రోజులు పొలం పట్టేస్తుంది, బోరు నీళ్ల మీద ఆరు నెలలు ఒక గుమ్మడికి పెట్టడం మీకు గిట్టదు, వదిలేయండి. కో-2 కాయ కిలోన్నర నుంచి రెండు కిలోలు, 135 రోజులు, హెక్టారుకి 23 నుంచి 25 టన్నులు. చందన్ దొరుకుతున్నప్పుడు దీన్ని ఎంచుకోవడానికి నాకు కారణం కనపడదు. వారణాసి కూరగాయల పరిశోధన సంస్థ కాశీ హరిత్ అనే రకం ఇచ్చింది, పొట్టి తీగ, కాయని ఆకుపచ్చగా ఉన్నప్పుడే రెండున్నర, మూడు కిలోలకి కోస్తారు, తొందరగా చేతికొస్తుంది, పచ్చి కాయ కూరకి అలవాటు పడ్డ ఊళ్లకి పనికొస్తుంది. కేరళ లారీలకి ఇద్దామనుకుంటే అంబిలి, సువర్ణ లాంటి కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం రకాలు వాళ్ల కంటికి అలవాటు.

ఇక షాపులో చూపించిన హైబ్రిడ్. ప్రైవేటు హైబ్రిడ్లు చెడ్డవని నేననను. కాయలన్నీ ఒకే సైజులో వస్తాయి, వ్యాపారికి అది చాలా ఇష్టం, మొదటి కోతే బరువుగా పడుతుంది. అయితే ప్యాకెట్ మీద రాసిన పది కిలోలు మీకు లాభమా నష్టమా అన్నది పైన చెప్పాను. మూడు నుంచి ఐదు కిలోల కాయ ఇచ్చే హైబ్రిడ్ కూడా దొరుకుతుంది, అది అడగండి. నిరుడు మీ మండలంలో అదే రకం వేసిన ఇద్దరు రైతుల ఊరి పేర్లు చెప్పమనండి, చెప్పలేకపోతే మీరు ఆ రకానికి ప్రయోగశాల అవుతున్నారన్నమాట. వైరస్ రాదని ఎవరైనా గ్యారంటీగా చెబితే మాత్రం నమ్మొద్దు. వైరస్‌ని మోసుకొచ్చే తెల్లదోమ, పేనుబంక ఉధృతంగా ఉన్న ఏడాది పైన చెప్పిన రకాల్లో ఏదీ పూర్తిగా తట్టుకోదు. మొదటి నెల రోజులు సిల్వర్ రంగు మల్చింగ్ షీటు, పసుపు రంగు జిగురు అట్టలు, వైరస్ కనపడ్డ మొక్కని అదే రోజు పీకి పూడ్చడం, ఇవే చేయగలిగింది.

మీకు నా సలహా సూటిగా చెప్పాలంటే: ఎకరంన్నర అర్క చందన్, అర ఎకరం మూడు నుంచి ఐదు కిలోల కాయ ఇచ్చే హైబ్రిడ్. రెండూ పక్కపక్కనే, ఒకే తేదీన. వచ్చే ఏడాది నన్ను అడగక్కర్లేదు, మీ తూకం చీటీలే చెబుతాయి.

కాయ సైజు సగం రకంలో ఉంటే సగం మీ చేతిలో ఉంది, ఇది చాలామంది పట్టించుకోరు. సాళ్ల మధ్య మూడు మీటర్లు, పాదుల మధ్య మీటరు పెడితే ఎకరాకి 1,300 పాదులు పడతాయి, పాదుకి రెండు తీగలుంచితే 2,600 తీగలు. చందన్‌లో 13 టన్నులు రావాలంటే తీగకి ఐదు కిలోలు, అంటే రెండు కాయలు. అంతే. తీగకి ఒకటే కాయ నిలిస్తే అది బలిసి మీకు అక్కర్లేని సైజుకి పోతుంది, నాలుగు నిలిస్తే సగం పిందెలు పసుపెక్కి రాలతాయి. వంకర పిందెల్ని, ఈగ కుట్టిన వాటిని మొదట్లోనే తీసేయండి. విత్తనం ఈ లెక్కన ఎకరాకి అర కిలోకి మించి పట్టదు, ప్రోట్రేల్లో (చిన్న గుంతలున్న ప్లాస్టిక్ ట్రేలు) నారు పెంచి నాటితే ఇంకా కలిసొస్తుంది.

రెండు నుంచి నాలుగాకుల దశలో లీటరు నీటికి 3 నుంచి 4 గ్రాముల బోరాక్స్ కలిపి పిచికారీ చేస్తే ఆడపూలు పెరుగుతాయి. మొదట వచ్చేవన్నీ మగపూలే, పిందె లేకుండా పూలు రాలుతున్నాయని టెన్షన్ పడి ఏదేదో కొట్టకండి. తెల్లవారుజామున విచ్చి మధ్యాహ్నం లోపే ముడుచుకునే పువ్వు ఇది, ఆ కొన్ని గంటల్లో తేనెటీగ వాలితేనే కాయ. మందు ఏదైనా సాయంత్రమే. బూడిద తెగులు కనపడగానే ఇంట్లో ఉన్న గంధకం చల్లే అలవాటు మానుకోండి, ఈ జాతి ఆకులు మాడిపోతాయి. పండు ఈగకి ఎకరాకి పది క్యూ ల్యూర్ బుట్టలు (వాసనతో ఈగని లాగి పట్టేవి) పిందె దశ రాకముందే కట్టండి.

ఇంకో మాట, టమాటా చేలో వేస్తున్నారు కాబట్టి చెబుతున్నాను. పాత టమాటా మొక్కల్ని పీకేటప్పుడు వేళ్లు దులిపి చూడండి. పూసల్లాంటి బుడిపెలు ఉంటే అవి నులిపురుగులు, గుమ్మడిని కూడా వదలవు, ఆ ముక్కలో ఈ ఏడాది గుమ్మడి వద్దు, జొన్న వేసి తర్వాత రండి. రకం ఎంత మంచిదైనా వేరు పోయాక చేసేదేం లేదు.

ఎప్పుడు వేయాలి? సంక్రాంతికి అమ్మాలంటే సెప్టెంబర్ మొదటి వారంలో వేస్తే చందన్ డిసెంబర్ చివరికి కోతకొస్తుంది. మీ వైపు ఈశాన్య రుతుపవనాల వాన అక్టోబర్, నవంబర్‌లో గట్టిగా పడుతుంది, కాయ కింద ఎండుగడ్డి వేయకపోతే నేల తగిలిన వైపు కుళ్లుతుంది, తెగులు వచ్చిందేమో ఆకు కింది భాగం రోజూ చూసుకోండి. ఓనం కోసం కేరళకి పంపాలంటే ఏప్రిల్ చివర వేయాలి, ఎండకి మగపూలు ఎక్కువ, తెల్లదోమ ఎక్కువ, మొదటిసారి వేసేవాళ్లకి నేను చెప్పను. డిసెంబర్, జనవరిలో వేయడం అన్నిటికన్నా తేలిక, అందరూ అప్పుడే వేస్తారు కాబట్టి రేటూ అప్పుడే పడుతుంది. దీనికి విరుగుడు నిలవ. తొడిమ ఎండి, గోరు గుచ్చితే దిగకుండా ఉన్న కాయని రెండంగుళాల తొడిమతో కోసి, గాలాడే నీడలో ఒక వరసలో పేరిస్తే రెండు నెలలు ఢోకా ఉండదు. తొడిమ పట్టుకుని ఎత్తే కూలీలని మాత్రం దగ్గరుండి ఆపండి, తొడిమ ఊడిన కాయ ఆ చోటి నుంచే కుళ్లుతుంది.

పాత గింజల సంగతి. అవి హైబ్రిడ్ కాయ నుంచి తీసినవైతే వేయొద్దు, పది తీగలకి పది రకాల కాయలొస్తాయి. నాటు రకమైతే మొలక చూసుకుని పెరట్లో వేసుకోండి, మార్కెట్టుకి వద్దు. చందన్ నుంచి మాత్రం వచ్చే ఏటికి మీరే విత్తనం కట్టుకోవచ్చు. రేపు విచ్చుకోబోయే ఆడ మొగ్గనీ మగ మొగ్గనీ సాయంత్రమే మొగ్గ కొస దగ్గర దారంతో కట్టేయండి, తెల్లారి విప్పి మగపువ్వు రేకలు తుంచి పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో రుద్ది, మళ్లీ ఆడపువ్వుని కట్టి, ఆ కాయ తొడిమకి గుర్తుగా రంగు గుడ్డ పెట్టండి. పక్కన హైబ్రిడ్ ఉంటుంది కాబట్టి ఇలా కట్టని కాయ గింజలు పనికిరావు.

సొర వల్ల చేదు అనేది వట్టి మాట. సొర జాతి వేరు, దాని పుప్పొడి పడినా గుమ్మడిలో గింజ కట్టదు. వేరే గుమ్మడి పుప్పొడి పడినా తేడా వచ్చేది ఆ గింజ నుంచి మొలిచే మొక్కలో, ఈ ఏడాది మీరమ్మే కండలో కాదు.

చందన్ విత్తనం కోసం బెంగళూరు సంస్థని నేరుగా అడగండి, లేదా మీ దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రంలో ఇండెంట్ (ఇంత విత్తనం కావాలని ముందస్తు ఆర్డరు) పెట్టండి, నాటే తేదీకి కనీసం నెల ముందు. హైబ్రిడ్‌కి బిల్లు తీసుకోండి, దాని మీద లాట్ నంబర్ రాయించండి, ఖాళీ ప్యాకెట్ పంట అమ్మేదాకా పారేయకండి.