నీ రెండు వ్యాసాలూ కలిపి చదివాను

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన రెండు వ్యాసాలూ అందాయి. ప్రింటు తీయించుకుని, పెన్సిల్ పట్టుకుని చదివాను. తెర మీద నాకు చదువు సాగదు, ఏమనుకోకు. మనిషి చూపు గురించిన వ్యాసం ఒక్క బిగిన చదివించింది. మొక్కల వేళ్లతో పొత్తు కుదుర్చుకునే శిలీంధ్రాల వ్యాసం దగ్గర మాత్రం రెండుసార్లు లేచి కాఫీ తాగొచ్చాను. "దీంట్లో ఏది పక్కన పెట్టమంటారు?" అని అడిగావు. ఏదీ పెట్టొద్దు. మొదటి వ్యాసంలో నువ్వు రాసిన సంగతులే రెండోదానికి మందు. వండినదానివి నువ్వు రుచి చూడలేదు, అంతే.

గొరిల్లా దగ్గర మొదలుపెడదాం. 1999లో డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ చాబ్రిస్ చేసిన ప్రయోగం ఈపాటికి అందరూ రాసేశారు. వీడియోలో ఆటగాళ్లు బంతిని ఎన్నిసార్లు అందించుకున్నారో లెక్కపెట్టే పనిలో పడి, మధ్యలోకొచ్చి గుండెలు బాదుకుని వెళ్లిన గొరిల్లా వేషాన్ని దాదాపు సగం మంది చూడలేదు. నువ్వు దాన్ని రెండు వాక్యాల్లో తేల్చేసి, 2013లో ట్రాఫ్టన్ డ్రూ బృందం ఎక్స్‌రే నిపుణుల మీద చేసినదానికి వెళ్లడం నాకు నచ్చింది. ఊపిరితిత్తుల స్కాన్‌లో చిన్న గడ్డల కోసం వెతకమన్నారు. ఆఖరి స్కాన్‌లో గొరిల్లా బొమ్మ దూర్చారు, మామూలు గడ్డకు 48 రెట్ల సైజులో. "83 శాతం మంది గమనించలేదు" అని రాశావు. అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టాను. ఉన్నదే 24 మంది, చూడనిది 20 మంది. అలాగే రాయి. 24 మంది డాక్టర్లు ఒక గదిలో కూర్చుంటే మనం ఊహించుకోగలం, 83 శాతం ఎక్కడ కూర్చుంటుంది?

ఇంకో సంగతి నువ్వు వదిలేశావు. వైద్యం తెలియని 25 మందికి అవే స్కాన్లు చూపించారు. ఒక్కరంటే ఒక్కరు గొరిల్లాను చూడలేదు. అంటే నిపుణులు మామూలు జనం కంటే మెరుగే. ఈ ముక్క లేకపోవడంతో నీ వ్యాసంలో డాక్టర్లు తెలివితక్కువవాళ్లలా తేలారు. ఎవరినైనా తేలిగ్గా నవ్వులపాలు చేసే వాక్యం కలం కింద పడితే ఒకసారి అనుమానించు.

ఆ వ్యాసంలో నాకు బాగా నచ్చింది బొటనవేలి పేరా. చెయ్యి బారచాపి బొటనవేలి గోరు చూసుకోమన్నావు. మన కన్ను ఏ క్షణానైనా స్పష్టంగా చూసేది ఇంచుమించు ఆ గోరంత మేరే, మిగతాదంతా మసక, సెకనుకు మూడు సార్లు కన్ను గెంతుతూ ఆ మసకను అతుకులేసుకుంటుంది అన్నావు. నేను నిజంగానే చెయ్యి చాపి చూసుకున్నాను. మా ఆవిడ "ఎవరికి టాటా చెబుతున్నారు" అంది. చదివినవాడి చేత ఒక పని చేయించావు చూడు, అది నీకు దైవమిచ్చిన వరం.

ఇప్పుడు రెండో వ్యాసం మొదటి పేరా మళ్లీ చదువుకో. 1885లో ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్ ఈ పొత్తుకు మైకోరైజా అనే పేరు పెట్టడం, జర్మనీలోని ప్రష్యా ప్రభుత్వం ఆయన్ను ట్రఫుల్స్ అనే, మట్టి లోపల పెరిగే తినే శిలీంధ్రాలను పండించే దారి వెతకమనడం, స్కాట్లండ్‌లోని రైనీ రాళ్లలో దొరికిన 40 కోట్ల ఏళ్ల నాటి శిలాజాలు, నేల మీద మొక్కల్లో నూటికి డెబ్భైకి పైగా ఈ పొత్తులో ఉండటం, అన్నీ ఒక్క పేరాలో కుక్కావు. అన్నీ నిజాలే. కానీ చదివేవాడి గోరంత చూపు ఎక్కడ ఆనాలి? పెళ్లి భోజనంలో విస్తరి వెయ్యకముందే పది కూరలు గరిటెతో చూపించినట్టుంది.

అసలు మొక్కల గురించి రాయడమే కష్టం. మన కంటికి కదిలేదీ, ముఖం ఉన్నదీ ముందు ఆనుతుంది. పచ్చగా, కదలకుండా, గుంపుగా ఉన్నది వెనక తెర అయిపోతుంది. అమెరికాలో జేమ్స్ వాండర్సీ, ఎలిజబెత్ షుస్లర్ దీనికి "మొక్కల అంధత్వం" అని పేరు పెట్టి రాసింది కూడా ఆ 1999లోనే. చూపు లేనివాళ్ల స్థితిని మన అశ్రద్ధకు పేరుగా వాడటం నాకు ఇష్టం లేదు. ఆ మాట మీద అభ్యంతరాలు వచ్చి ఇప్పుడు వేరే పేర్లు వాడుతున్నారు, నువ్వూ మార్చు. మొక్కకే ఈ గతి పడితే, మట్టిలో మన తల వెంట్రుకలో పదో వంతు మందాన ఉండే శిలీంధ్రపు పోగు ఎవరి కంటికి ఆనుతుంది?

అందుకే అందరూ ఒక దగ్గరి దారి కనిపెట్టారు. చెట్టుకు ముఖం తగిలించడం. తల్లిచెట్టు, పిల్లచెట్టు, భూమి లోపల ఈ పోగుల గుండా తల్లి పంపే పాలు, చెట్ల గుసగుసలు. నువ్వూ ఆ దారే పట్టావు. పనిచేస్తుంది, కాదనను. ముఖం కనపడగానే చూపు అక్కడికి పోతుంది. కానీ ఆ ముఖం వెనక ఉన్న ప్రయోగం ఎంత చెప్పిందో చూద్దాం. 1997లో సుజాన్ సిమార్డ్ బృందం కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో బర్చ్, డగ్లస్ ఫర్ మొక్కలకు గుర్తు పెట్టిన కార్బన్ ఎక్కించి, ఒకదానిలోది ఇంకోదానిలోకి చేరడం కొలిచింది. ఫర్‌కు నికరంగా దక్కింది, ఆకులు పీల్చుకున్న ఆ కార్బన్‌లో సగటున 6 శాతం. నీడలో ఉన్న ఫర్‌కు ఇంకాస్త ఎక్కువ. గొప్ప పనే. అయితే ఆ శిలీంధ్రాలతో పొత్తు లేని సెడార్ మొక్కను కూడా పక్కన నాటారు. దానిలోకీ కొంత కార్బన్ చేరింది. అంటే కొంత భాగం పోగుల దారిన కాక మట్టి దారిన పోయి ఉండాలి. ఈ సెడార్ నీ వ్యాసంలో లేదు. అది నీ గొరిల్లా. తల్లి ప్రేమను లెక్కపెడుతూ కూర్చున్నావు కాబట్టి ఎదురుగా ఉన్నా కనపడలేదు.

2023లో జస్టీన్ కార్స్ట్, మెలనీ జోన్స్, జేసన్ హోక్సెమా పాత పరిశోధనలన్నీ తిరగేసి, పెద్ద చెట్టు తన పిల్లల్ని గుర్తుపట్టి ఈ పోగుల ద్వారా వాటికే ఎక్కువ పంపుతుందనడానికి అడవిలో చేసి ప్రచురించిన రుజువు ఒక్కటీ లేదని రాశారు. ఆధారం లేని ఇలాంటి మాటలు శాస్త్ర వ్యాసాల్లోనే 25 ఏళ్లలో రెట్టింపయ్యాయని కూడా తేల్చారు. ఈ మెలనీ జోన్స్ ఎవరో తెలుసా? ఆ 1997 వ్యాసం రాసినవాళ్లలో ఒకరు. తను కూడా చెయ్యి వేసిన పని మీద పెరిగిన చిలవలు పలవలను తనే కూర్చుని తుంచింది. నాకైతే తల్లిచెట్టు కంటే ఈవిడ కథే బాగుంది.

నిన్ను తప్పుపట్టే అర్హత నాకెక్కడిదిలే. కొన్నేళ్ల కింద నేను ఒక మాసపత్రికలో ఇదే విషయం రాశాను. "శిలీంధ్రం భాస్వరం తెచ్చి మొక్క నోట్లో పెడుతుంది" అని చమత్కారంగా రాసి మురిసిపోయాను. రెండు నెలల తర్వాత దుగ్గిరాల వైపు నుంచి ఒక పసుపు రైతు ఫోన్ చేశాడు. నా వ్యాసం చూసి ఎరువుల కొట్లో వ్యామ్ పొడి, అంటే ఈ శిలీంధ్రం కలిపి అమ్మే పొడి, కొన్నాడు. ఎప్పటిలాగే భాస్వరం ఉండే డీఏపీ ఎరువు కూడా దండిగా వేశాడు. తేడా ఏమీ లేదు. "మీ శిలీంధ్రం ఏం పీకినట్టండీ?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. మట్టిలో భాస్వరం పుష్కలంగా ఉంటే మొక్కకు ఈ పొత్తుతో పనుండదు, శిలీంధ్రాన్ని లోపలికి రానివ్వడం తగ్గించేస్తుంది. ఇది నాకు తెలియక కాదు. నా నోటుపుస్తకంలో రాసి ఉంది. వాక్యం నడక చెడుతుందని కొట్టేశాను. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకున్నాను, డబ్బులు పోయింది ఆయనకు.

ముఖం తగిలించకుండా చూపు నిలిపేదెలా అంటావా? జవాబు నీ మొదటి వ్యాసంలోనే, ఆఖరి పేరాలో, ఎవరూ చదవని చోట పడేశావు. రష్యాలో కంటి కదలికలు కొలిచిన ఆల్‌ఫ్రెడ్ యార్బస్ ఒకే చిత్రాన్ని ఒకే మనిషికి మళ్లీ మళ్లీ చూపించాడు, రేపిన్ గీసిన చిత్రం. ఎన్నో ఏళ్లకు ఇంటికొచ్చిన మనిషి గుమ్మంలో, ఉలిక్కిపడ్డ కుటుంబం గదిలో. ఊరికే చూడమన్నప్పుడు కన్ను ఒక దారిన తిరిగింది. "వీళ్ల వయసులెంత?" అంటే ముఖాల మీదే తిరిగింది. "వీళ్లు ఉన్నవాళ్లా లేనివాళ్లా?" అంటే బట్టల మీదికి, సామాను మీదికి పోయింది. చిత్రం మారలేదు, ప్రశ్న మారింది. మనం చేయగలిగింది అదే. మొదటి నాలుగు వాక్యాల్లో చదివేవాడి చేతిలో ఒక ప్రశ్న పెట్టి పంపాలి.

నేనైతే ఇలా మొదలుపెడతాను: "భాస్వరం మట్టిలో కదలదు. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్నదంతా తినేసింది. ఇంకో వేలెడు దూరంలో బోలెడుంది. వేరు లేచి వెళ్లలేదు. ఇప్పుడేం చెయ్యాలి?" ఇంత చెప్పాక చదివేవాడు తనే వెతుకుతాడు. అప్పుడు ఆ సన్నని పోగు కనిపిస్తుంది. ఫ్రాంక్ గారు, ట్రఫుల్స్, రైనీ రాళ్లు ఆ తర్వాత ఎప్పుడొచ్చినా చదివేవాడికి అడ్డం కాదు. ఆ పోగు ఊరికే రాదనీ, చక్కెరతో పాటు కొవ్వు కూడా కూలిగా తీసుకుంటుందనీ, తన కొవ్వు తాను తయారుచేసుకోలేదనీ 2017లో తేలింది. దాన్ని ఒదులుకోకు. మొక్క శిలీంధ్రానికి అన్నంతో పాటు నెయ్యి కూడా వడ్డిస్తోందన్నమాట.

కెనడా అడవుల దాకా వెళ్లినదానివి జొన్నచేలోకి తొంగిచూడలేదేం? జొన్నమల్లె పేరు మీ తాతగారి నోట వినే ఉంటావు. తెల్లటి చిన్న పూలు, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, లోపల జొన్న వేరును పట్టుకుని పీలుస్తుంటుంది. శాస్త్రంలో స్ట్రైగా. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో దీని మీద ఏళ్ల తరబడి పనిచేశారు. దాని విత్తనం దుమ్ము రేణువంత. పదేళ్లకు పైగా మట్టిలో పడి ఉంటుంది, పక్కన వేరు పెరుగుతున్న జాడ తగిలితేనే మొలుస్తుంది. ఆ జాడ ఏమిటో 1966లో పట్టుకున్నారు. పత్తి వేళ్ల నుంచి ఊరే ఒక రసాయనం, స్ట్రిగోల్ అని పేరు పెట్టారు. చిక్కు ఇక్కడే వచ్చింది. తన రక్తం తాగే దొంగను మొక్క ఎందుకు కేకేసి పిలుస్తుంది? దాదాపు నలభై ఏళ్లు ఈ ప్రశ్న అలాగే ఉండిపోయింది. 2005లో జపాన్‌లో అకియామా బృందం అదే జాతి రసాయనాన్ని శిలీంధ్రపు పోగు మీద వేసి చూసింది. పోగు గుబురుగా కొమ్మలు వేసింది. మొక్క కేకేసింది శిలీంధ్రాన్ని. భాస్వరం చాలనప్పుడు ఇంకా గట్టిగా కేకేస్తుంది. ఆ కేక విని తలుపు తోసుకొచ్చింది దొంగ. అన్నేళ్లూ అందరి చూపూ దొంగ మీదే ఉంది. అసలు చుట్టం ఎవరన్నది ఆలోచనలోకి రాలేదు. నీ రెండు వ్యాసాలూ కలిసే చోటు ఇదే. నాకు నీ వయసుంటే దీని మీదే ఇరవై పేజీలు రాసేవాణ్ణి.

మాటల సంగతి. "సహజీవన శిలీంధ్ర మూల వ్యవస్థ" తీసెయ్. పోనీ "వేరుబూజు" అందామా అంటే, రైతుకు బూజంటే తెగులు. ఆ మాట వినగానే తెగులు మందు కోసం చూస్తాడు. మొదటిసారి "వేరును అంటిపెట్టుకుని బతికే శిలీంధ్రం" అని విడమరిచి, అక్కడి నుంచి మైకోరైజా అనే రాయి. కొట్లో దొరికే సరుకు గురించైతే వ్యామ్ అను. పుట్టగొడుగు అనే మాటను మాత్రం అన్ని శిలీంధ్రాలకూ వాడకు. పుట్ట మీద లేచిన గొడుగును చూసి ఎవరో మహానుభావుడు పెట్టిన పేరది. పుట్టలోని చెదలు పెంచుకునే శిలీంధ్రం అది, దాని పొత్తు చెదలతో, వేళ్లతో కాదు.

ఆఖరుగా ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఇన్ని రాశావు, ఆ పోగును ఎప్పుడైనా చూశావా? నీ వ్యాసంలో చూసిన జాడ లేదు. నేల విడిచి సాము అనిపించింది. కష్టమేమీ కాదు. మీ కాలేజీ ల్యాబ్‌లో అడుగు. చేలో పెరిగిన ఉల్లి గానీ జొన్న గానీ తీసుకో, కుండీలోది వద్దు. లావు వేళ్లు వదిలేసి దారంలాంటి సన్నవి కడిగి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేడిచేస్తే లోపలి రంగు పోయి పారదర్శకమవుతాయి. ఒళ్లు కాల్చే రసాయనం, ల్యాబ్ వాళ్లు దగ్గరుండాలి. తర్వాత కడిగి, వెనిగర్‌లో కొద్దిగా ఫౌంటెన్ పెన్ను సిరా కలిపి అందులో మూడు నిమిషాలు మరిగించు. సిరాయే, నువ్వూ నేనూ రాసుకునేదే. 1998 నుంచి శాస్త్రవేత్తలూ ఈ పద్ధతి వాడుతున్నారు. సూక్ష్మదర్శిని కింద పెడితే వేరు కణాల లోపల చిన్నచిన్న చెట్లు కనిపిస్తాయి, కొమ్మలూ రెమ్మలూ వేసి. కణం లోపలికి అంతగా అల్లుకున్నా దాని పొరను మాత్రం చించుకుని పోదు. చేతికి తొడుగు వేసుకున్నట్టు ఆ పొర దాని ఒంటి చుట్టూ అలాగే ఉంటుంది. ఇచ్చిపుచ్చుకోవడం అంతా ఆ పొర మీదుగానే.

మొదటిసారి నాకు ఏమీ కనపడలేదు. పక్కనున్న కుర్రాడు వేలుపెట్టి "అదిగో సార్" అన్నాక, వేరు నిండా అవే కనిపించాయి.

చూశాకే రెండో వ్యాసం తిరగరాసి పంపు, తొందరేం లేదు. సిరా నల్లదైతే బాగా పడుతుంది. నేను కొన్న సీసా సగం మిగిలే ఉంది, దసరాకు వచ్చినప్పుడు పట్టుకెళ్లు. మీ అమ్మానాన్నలను అడిగానని చెప్పు.

ఉంటాను,
మీ మాస్టారు