ముందు నూనె సంగతి రాయి

అమ్మాయీ,

ఆశీస్సులు. మిషిగన్ సరస్సు ఒడ్డున ఉన్న పాత లైట్‌హౌస్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. మొదటి పేజీ మొత్తం తీసెయ్. వెన్నెల, కెరటాల హోరు, ఒంటరి దీపం ఏ లైట్‌హౌస్‌కైనా సరిపోతాయి. ఊరి పేరు తీసేసి మచిలీపట్నం అని పెట్టినా ఎవరూ పట్టుకోలేరు. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని ఆ మిషిగన్ సిటీ రేవుకే చెందిన సంగతి ఎక్కడో నాలుగో పేజీలో ఒక్క వాక్యంగా నలిగిపోయింది. చలికి దీపం నూనె గడ్డకట్టేదని రాశావు చూడు, అక్కణ్ణుంచి మొదలుపెట్టు.

అది పందికొవ్వు నుంచి తీసిన నూనె. తిమింగలం నూనె ధర మండిపోవడంతో 1860లలో అమెరికా లైట్‌హౌస్‌లు దీనికి మారాయి. చవకే గానీ చలికి పేరుకుపోతుంది, వేడి చేస్తే తప్ప సరిగ్గా వెలగదు. ఈ లైట్‌హౌస్ అంటే ఒడ్డునున్న ఇల్లే, దాని పైకప్పు మీది దీపానికైతే పెద్ద ఇబ్బంది లేదు, కింద పొయ్యి ఉంటుంది. 1871లో తూర్పు జెట్టీ మీద ఇంకో దీపం పెట్టారు. ఇక అసలు కష్టం మొదలైంది. దీపం కాపలాదారు హ్యారియెట్ కోల్‌ఫ్యాక్స్ ఇంట్లో నూనె కాచి, పట్టుకుని, ఆ చెక్క జెట్టీ పొడుగునా నడిచి వెళ్లి వెలిగించాలి. గాలి ఎక్కువగా ఉన్న రోజు అక్కడికి చేరేలోపే నూనె చిక్కబడేది. మళ్లీ ఇంటికి, మళ్లీ పొయ్యి దగ్గరికి. 1874లో ఆ దీపాన్ని పడమటి జెట్టీకి మార్చారు. అప్పుడైతే మధ్యలో ఉన్న ట్రైల్ క్రీక్ అనే ఏటిని పడవలో దాటాలి. అప్పటికి ఆవిడకి యాభై ఏళ్లు. ఇదంతా ఉన్నదున్నట్టు రాస్తే నువ్వు రెండుసార్లు వాడిన ‘సాహస వనిత’ అవసరమే ఉండదు.

ఆ జెట్టీ అంత ప్రమాదం ఎందుకో కూడా చెప్పాలి. సరస్సు అనగానే మనవాళ్లకి హుస్సేన్ సాగర్ గుర్తొస్తుంది. మిషిగన్ సరస్సు తెలంగాణలో సగం ఉంటుంది. ఉత్తరం నుంచి దక్షిణానికి దాదాపు 500 కిలోమీటర్లు, ఈ ఊరు ఇంచుమించు దక్షిణపు కొసన ఉంది. ఉత్తరపు గాలి లేచిందంటే అంత నీటినీ తోసుకొచ్చి ఇక్కడే కొడుతుంది. 1886 తుఫాను పడమటి జెట్టీ మీది దీపాన్నే ఊడ్చుకుపోయింది. ఈ లెక్క ముందే చెబితే చదివేవాళ్లకి టెన్షన్ దానంతట అదే వస్తుంది, నువ్వు పుట్టించక్కర్లేదు.

ఆవిడ లాగ్‌బుక్‌లో మనసు విప్పి చెప్పిందేమీ లేదని వాపోయావు. 1872 నుంచి దీపం కాపలాదారులు రోజువారీ వివరాలు రాయాలన్నది ప్రభుత్వం పెట్టిన నియమం. వాతావరణం, ఓడలు, మరమ్మతులు: అది ఉద్యోగం, డైరీ కాదు. పైగా ఈ కొలువుకి ముందు ఆవిడ తన సోదరుడి పత్రికలో కంపోజిటర్, సంగీతం కూడా నేర్పేది. ఒక్కో అక్షరం చేత్తో పేర్చిన మనిషి పొదుపుగానే రాస్తుంది. ఆ పొదుపుని అలాగే ఉండనివ్వు. ‘ఆ రాత్రి ఆమె గుండె ఎంత కొట్టుకుందో’ అని నువ్వు చేర్చిన పేరా దగ్గరే నాకు నమ్మకం సడలింది.

ఇంకోటి. 1861లో ఆవిడకి ఈ ఉద్యోగం రావడం వెనక, అప్పుడు అమెరికా చట్టసభ కాంగ్రెస్‌లో సభ్యుడు, తర్వాత ఆ దేశ ఉపాధ్యక్షుడు అయిన స్కైలర్ కోల్‌ఫ్యాక్స్ చుట్టరికం ఉంది. నువ్వు దాన్ని దాటేశావు. పలుకుబడితో వచ్చిందని రాయి, ఆ తర్వాత 43 ఏళ్లు, ఎనభయ్యో ఏడు దాకా చేసిందని కూడా రాయి. రెండూ పక్కపక్కన పెట్టి నువ్వు పక్కకి తప్పుకో. స్నేహితురాలు, టీచర్ ఆన్ హార్ట్‌వెల్ విషయంలోనూ అంతే. దశాబ్దాలు ఒకే ఇంట్లో ఉన్నారు. ఇద్దరూ 1905లోనే పోయారు. ఆ బంధానికి నువ్వు పేరు పెట్టకు, అలాగని ‘తోడు ఎవరూ లేని ఆమె’ అని అబద్ధమూ రాయకు.

దీపం ఆరిపోయిన ఘట్టంలో మాత్రం నువ్వు మరీ ఏడిపించావు. అక్కడ ఏడవాల్సిందేం లేదమ్మా. ఓడ రేవులోకి రావాలంటే జెట్టీ కొస ఎక్కడుందో దానికి కనపడాలి. 1858లో కట్టిన ఇల్లేమో ఒడ్డున ఉండిపోయింది, జెట్టీలు నీళ్లలోకి సాగిపోయాయి. అందుకే 1904లో తూర్పు జెట్టీ చివర కొత్త లైట్‌హౌస్ కట్టి, పాత ఇంటి మీది లాంతరు గదినీ లెన్స్‌నీ అక్కడికి మార్చారు. పాత ఇంటిని పెంచి సిబ్బంది కాపురాలకి ఇచ్చారు. దీపం పోయినా ఆ ఇల్లు చాలా ఏళ్లు కొలువులోనే ఉంది. నువ్వేమో 1904 నుంచి ఆ ఇంట్లో మ్యూజియం తెరిచిన 1973కి ఒక్క గెంతు గెంతావు.

ఈస్ట్‌లాండ్ ఓడ ప్రమాదం పెట్టాలని నీకు ఎంత ఆశగా ఉందో తెలుస్తోంది. 1915లో షికాగో నదిలో 844 మంది పోయారు, వాళ్లు బయల్దేరింది ఈ ఊరికే. ఘోరమైన కథే. కానీ ఓడ రేవు గోడ పక్కనే, షికాగోలోనే ఒరిగిపోయింది. మన ఇంటి మీది దీపం తీసేసి అప్పటికి పదకొండేళ్లు. దానికి వేరే వ్యాసం రాయి. ఇందులో ఇరికిస్తే ఈ ఇంటిని మింగేస్తుంది.

ఫొటో కింద ‘1858 నాటి దీపగోపురం’ అని వేశావు, అది మార్చు. ఇప్పుడు కప్పు మీద కనిపించేది మ్యూజియం కోసం తర్వాత కట్టిన నమూనా. అసలుది 1904లోనే జెట్టీకి వెళ్లిపోయిందని ఆరో పేజీలో నువ్వే రాశావు కదా. సవరించిన ప్రతి వచ్చే నెల పంపు, సంపాదకుడికి పంపేముందు ఇంకోసారి చూస్తాను.