రైడ్ దగ్గర మాట వినని జనంతో: కొత్త ఆపరేటర్‌కి ఓ ఉత్తరం

చి. స్వాతికి,

పెదనాన్న ఆశీస్సులు. ట్రైనింగ్ అయిపోయిందనీ, వచ్చే వారం నుంచి నిన్ను రోలర్ కోస్టర్ మీద వేస్తున్నారనీ మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషమమ్మా. మిషను సంగతి ట్రైనింగులో గట్టిగానే నేర్పి ఉంటారు. జనం సంగతి మాత్రం ఎక్కడైనా పైపైనే చెప్తారు. చెప్పిన మాట వినని వాళ్లు, పక్కవాళ్లని లెక్కచేయని వాళ్లు నీకు రోజూ తగులుతారు. వాళ్లతో ఎలా నెగ్గుకురావాలో రాస్తున్నాను. మీ పార్కు రూల్ బుక్కులో దీనికి భిన్నంగా ఏదైనా ఉంటే అదే పాటించు.

ప్లాట్‌ఫాం మీద జరిగే గొడవల్లో చాలావరకు క్యూలో పుట్టినవే. అక్కడ ఎవరూ పట్టించుకోక పైకి వస్తాయి. పైకి వచ్చాక నీకు వాదించే టైం ఉండదు. లెక్క చూడు. రైలుకి 24 సీట్లు, 90 సెకన్లకో రైలు వదులుతున్నావనుకో. గంటకి 40 రైళ్లు, 960 మంది. ఒక్కో రైలు దగ్గర అర నిమిషం పేచీ జరిగితే రెండు నిమిషాలకో రైలు అవుతుంది. గంటకి 30 రైళ్లు, 720 మంది. అంటే 240 మంది ఇంకా ఎండలో నిలబడే ఉంటారు. పైగా ప్లాట్‌ఫాం ఖాళీ కాకపోతే వెనకొచ్చిన రైలు బ్రేకుల మీద ఆగిపోతుంది. అందులోవాళ్లు బార్లు (ఒళ్లో పడి మనిషిని సీట్లో పట్టి ఉంచే కడ్డీలు) బిగించుకుని కదలకుండా కూర్చోవాలి. అందుకే ఎత్తు కొలవడం, సంచులు లాకర్లో పెట్టించడం, లైను దాటినవాళ్లని సరిచేయడం, ఇవన్నీ మెట్లెక్కక ముందే తేలిపోవాలి. ఎంట్రన్స్ దగ్గర నిన్ను వేసిన రోజు ఆ పని తేలికని అనుకోకు. పైనున్న నలుగురి పని అక్కడే సగం అయిపోతుంది.

లైను దాటడంలో రకాలున్నాయి. రైలింగు దూకి వచ్చే కుర్రాళ్లని అందరూ చూస్తారు, వాళ్లతో పెద్ద చిక్కు లేదు. క్యూ చివరికి పంపిస్తే సరి. చిక్కంతా ఒకరిని ముందు నిలబెట్టి, తర్వాత ఏడుగురు వచ్చి కలిసే కుటుంబాలతో. 'మావాళ్లు అక్కడున్నారండీ' అంటూ జనాన్ని తోసుకుంటూ వస్తారు. వాళ్ల దృష్టిలో అది తప్పే కాదు. ఇక్కడ ఒకే రూలు పెట్టుకుని అందరికీ అదే చెప్పు: ముందున్న మనిషి వెనక్కి వచ్చి తనవాళ్లతో కలవచ్చు, వెనకున్నవాళ్లు ముందుకి వెళ్లకూడదు. పిల్లని బాత్రూంకి తీసుకెళ్లి వచ్చే తల్లి సంగతి వేరు. వెళ్లేటప్పుడే నీకు చెప్పి వెళ్లమను, తిరిగొచ్చాక నువ్వే వెంట ఉండి దాటించు. అప్పుడు చూసేవాళ్లకీ సంగతి అర్థమవుతుంది.

'వెనకవాళ్లకి అభ్యంతరం లేదంటున్నారు' అనే మాటకి లొంగకు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ బృందం 129 క్యూలలో తమ మనుషుల్నే మధ్యలో దూర్చి జనం ఏం చేస్తారో గమనించింది. ఆ పరిశోధన 1986లో అచ్చయింది. ఒక్క మనిషి దూరితే అభ్యంతరం చెప్పడం దాదాపు సగం సార్లే జరిగింది. సరిగ్గా వెనకున్న మనిషి ఊరుకుంటే ఆ తర్వాతి వాళ్లూ ఎక్కువగా ఊరుకున్నారు. కాబట్టి క్యూ నిశ్శబ్దంగా ఉందంటే అందరూ ఒప్పుకున్నట్టు కాదు. వెనకున్న ఒకాయన 'పర్లేదులెండి' అన్నా, ఆయన వెనక నిలబడ్డ వందమంది తరఫున ఆ మాట చెప్పే హక్కు ఆయనకి లేదు. అడ్డుకోవాల్సింది నువ్వే. నువ్వు అడ్డుకోకపోతే ఎవరో ఒకరు కాసేపటికి చెయ్యి ఎత్తుతారు.

ఇక మాట్లాడే తీరు. మనిషికి అడ్డంగా ఎదురు నిలబడకు. కాస్త పక్కకి, చెయ్యి చాపినా తగలనంత దూరంలో ఉండు. వేలు చూపించకు, ఎటు వెళ్లాలో అరచేత్తో చూపించు. పద్నాలుగేళ్ల కుర్రాడినైనా 'మీరు' అనే పిలువు. ఏకవచనం దొర్లిందంటే వాడు లైను దాటిన సంగతి మరుగున పడి, నువ్వు అమర్యాదగా మాట్లాడిన సంగతే మిగులుతుంది. గుంపుగా వచ్చినవాళ్లలో గట్టిగా అరిచేవాడితో గుంపు ముందు వాదించకు, స్నేహితుల ముందు వాడు వెనక్కి తగ్గలేడు. వాళ్లలో నెమ్మదిగా ఉన్న ఒకరిని చూసి, 'కాస్త ఇటు వస్తారా' అని పక్కకి పిలిచి చెప్పు. పిల్లల ముందు తల్లిదండ్రుల్ని తప్పుపట్టడం మాత్రం నాకు అసలు నచ్చదు. అది వాళ్లని రెచ్చగొట్టడం తప్ప ఎందుకూ పనికిరాదు.

మొదటిసారి తెలియక చేశారనే అనుకుని చెప్పు. నిజంగా చాలామందికి తెలియదు. రెండోసారి, మానకపోతే ఏమవుతుందో చెప్పు: 'ఫోన్ లోపల పెడితే రైలు వదులుతాను, లేదంటే మీరు దిగాల్సి వస్తుంది.' రెండూ నువ్వు చేయగలిగినవే అయి ఉండాలి. 'పోలీసుల్ని పిలుస్తాను' లాంటి మాటలు ఊరికే అనకు, పిలవలేదని తెలిసిన క్షణం నీ మాటకి విలువ పోతుంది. మూడోసారి చెప్పే పని నీది కాదు, సూపర్‌వైజర్‌ది.

చేయకూడనిది కాక, చేయాల్సింది చెప్పు. 'ఫోన్ తీయొద్దు' అంటే తల ఊపుతారు, చేతిలోది చేతిలోనే ఉంటుంది. 'ఫోన్ జేబులో పెట్టి జిప్ వేయండి' అంటే చెయ్యి కదులుతుంది. జిప్ వేసేదాకా అక్కడే నిలబడు.

ఫోన్ల దగ్గర మెత్తబడకు. 200 గ్రాముల ఫోన్ గంటకి 80 కిలోమీటర్ల వేగంలో చేతి నుంచి జారి కింద నిలబడ్డవాళ్లకి తగిలితే, 90 కిలోమీటర్ల వేగంతో వేసిన క్రికెట్ బంతి తగిలినంత శక్తి ఉంటుంది. వెనక వరసలో కూర్చున్నవాళ్ల మొహానికీ తగలవచ్చు. పడిపోయిన వస్తువు కోసం వెతకడం ఇంకా ప్రమాదం. 2015 ఆగస్టులో అమెరికాలోని సీడర్ పాయింట్ పార్కులో, రైడ్‌లో పోయిన ఫోన్ కోసం కంచె దాటి వెళ్లిన మనిషిని నడుస్తున్న కోస్టర్ ఢీకొట్టి చంపింది. ఆ యేడే డిస్నీ పార్కుల్లో సెల్ఫీ స్టిక్కులు నిషేధించారు. ఎవరైనా 'నా టోపీ పడింది, ఒక్క నిమిషంలో తెచ్చుకుంటా' అని అడిగితే, వస్తువు ఎలా ఉంటుందో, ఏ వరసలో కూర్చున్నారో రాసుకుని, రైడ్ మూశాక సిబ్బందే తీస్తారని చెప్పు. కాదని కంచె వైపు నడిచాడంటే ఇక మాటలు లేవు. లోపలికి మనిషి వచ్చాడంటే మీ మాన్యువల్లో చెప్పిన స్టాప్ వెంటనే నొక్కాలి.

అలాగని ప్రతి అల్లరికీ ఎమర్జెన్సీ స్టాప్ మీదికి చెయ్యి పోనివ్వకు. ఒకడు చేతులు బయట పెట్టాడని రైలుని పైకి లాగే చైన్ మీద ఆపేస్తే, మిగతా 23 మందినీ ఎత్తు మీది మెట్ల వెంట దించాల్సి రావచ్చు. అది ఇంకో ప్రమాదం. రైలు కదిలాక ఏ తప్పుకి ఏ బటనో ముందే మాన్యువల్లో చదివి గుర్తుపెట్టుకో. కదలక ముందు మాత్రం అధికారం పూర్తిగా నీది. నీకు తృప్తి కలిగేదాకా రైలుని వదిలే డిస్పాచ్ బటన్ నొక్కకు. వెనకనుంచి ఎంత అరిచినా సరే.

బార్ల దగ్గర ఓ మోసం ఉంది, కుర్రాళ్లు ఎక్కువ చేస్తారు. బార్ దించేటప్పుడు మడమలు లేపి తొడలు పైకెత్తుతారు, లేదా పొట్ట ఉబ్బిస్తారు. బార్ లాక్ అవుతుంది కానీ రైలు కదిలాక కాళ్లు దించితే మధ్యలో ఖాళీ మిగులుతుంది. సీట్లోంచి లేచినట్టు అనిపించడం కోసం చేసే పని అది. కంట్రోల్ ప్యానెల్ మీద లైట్ పచ్చగానే ఉంటుంది, అందుకని లైటుని నమ్మి ఊరుకోకు. 'వీపు సీటుకి ఆన్చండి, రెండు పాదాలూ కింద పెట్టండి, బార్ నొక్కుతున్నాను' అని చెప్పి, అప్పుడు నొక్కు. చెయ్యి బార్ మీదే పడాలి, మనిషి ఒంటి మీద కాదు.

ఎత్తు దగ్గర తల్లిదండ్రులు చేసే వాదన నిన్ను బాగా అలసిపోయేలా చేస్తుంది. 'రెండు సెంటీమీటర్లే కదండీ', 'వేరే పార్కులో ఎక్కించారు', 'నా పూచీ మీద ఎక్కిస్తాను'. ఆ గీత ధైర్యానికి కొలత కాదు. బార్ తొడల మీద ఆని తుంటిని పట్టుకునేలా చేసి ఉంటుంది. ఒళ్లు చిన్నదైతే పిల్ల దాని కిందుగా జారిపోగలదు. ఈ మాట తండ్రికి చెప్పు, అర్థం చేసుకునేవాళ్లే ఎక్కువ. కొలిచేటప్పుడు మడమలు, వీపు స్తంభానికి ఆనాలి, చూపు నేరుగా ఉండాలి, జుట్టు ముడి లెక్కలోకి రాదు. బూట్లలో మందపాటి అట్టలు పెట్టి తెస్తారు, మడమ బయటికి వస్తున్నట్టు కనిపిస్తే విప్పించు. ఒకసారి కాదన్నాక ఇంకో ఆపరేటర్ దగ్గరికి వెళ్తారు. వాకీటాకీలో ముందే చెప్పి ఉంచు. తర్వాత వంగి పిల్లతో మాట్లాడు, ఈ రోజు తను ఎక్కగలిగే రైడ్ పేరు ఒకటి చెప్పు. తల్లీ తండ్రీ ఒకరి తర్వాత ఒకరు ఎక్కే ఏర్పాటు మీ పార్కులో ఉంటే అప్పుడే చెప్పు, సగం కోపం అక్కడే చల్లారుతుంది.

దీనికి సరిగ్గా వ్యతిరేకమైన సంగతి ఇంకొకటి ఉంది, నాకు అదే ఎక్కువ బాధ. పిల్ల వద్దంటుంటే 'ఏం కాదు, కూర్చో' అని బలవంతాన ఎక్కించే పెద్దలు. ఏడుస్తున్న పిల్ల రైలు కదిలాక బార్‌లోంచి బయటపడాలని గింజుకుంటుంది, అప్పుడు ఎంత బిగించిన బార్ అయినా నమ్మకం లేదు. బార్ దించే ముందు పిల్లనే అడుగు: 'నీకు ఎక్కాలని ఉందా అమ్మా?' తల అడ్డంగా ఊపితే దించేయ్. తండ్రి కోపం నీ మీద పడనీ. దిగిన పిల్లతో ఎవరైనా పెద్దవాళ్లు ఉండేలా మాత్రం చూడు, ఒంటరిగా బయటికి పంపకు.

చీకట్లో బండ్లు సీన్ల మధ్య తిరిగే రైడ్ల మీద వేసినప్పుడు ఫ్లాష్‌లతో విసిగిపోతావు. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఒక్క ఫ్లాష్‌తో అది పోతుంది. అదే బండి కాదు, వెనక బండ్లవాళ్లకీ ఆ సీను పాడైనట్టే. 'దయచేసి ఫ్లాష్ వాడకండి' అని మైకులో అందరికీ చెప్తే ఎవరూ తమకని అనుకోరు. కెమెరాలో చూసి, 'మూడో బండిలో ఉన్నవారు ఫోన్ లైట్ ఆపేయండి' అను. ఆగిపోతుంది.

మొండిగా కనిపించిన ప్రతివాళ్లూ మొండివాళ్లు కారు. చెవులు వినపడనివాళ్లు, నీ భాష రానివాళ్లు, శబ్దాలకి బెదిరే ఆటిజం ఉన్న పిల్లలు, పైకి కనపడని జబ్బుతో వేరే దారిలో వచ్చినవాళ్లు ఉంటారు. చెప్పింది ఒకసారి సైగతో చూపించాకే రెండో మాట అను. లావుగా ఉండి బార్ పడనివాళ్లని మైకులో పిలిచి దించడం క్రూరత్వం. దగ్గరికెళ్లి మెల్లగా చెప్పు, బార్ పడుతుందో లేదో ముందే చూసుకునే టెస్ట్ సీటు ఎక్కడుందో చూపించు.

రైడ్ ఆగిపోయినప్పుడు మంచివాళ్లు కూడా మర్యాద మరిచిపోతారు. క్యూలో నిలబడేవాళ్ల మనసు మీద మేనేజ్‌మెంట్ నిపుణుడు డేవిడ్ మైస్టర్ 1985లో రాసింది ఇప్పటికీ నిజం: కారణం చెప్పని ఎదురుచూపు, ఎంతసేపో తెలియని ఎదురుచూపు, అన్యాయంగా అనిపించే ఎదురుచూపు, ఇవి అసలు కన్నా పొడుగ్గా తోస్తాయి. అయిదు నిమిషాలకోసారి మైకు పట్టుకో, కొత్త సంగతి లేకపోయినా సరే. 'ఇంకో పది నిమిషాల్లో' అని మాత్రం నోరు జారకు. 'టెక్నీషియన్ వచ్చి చూస్తున్నారు, ఎంతసేపో ఇప్పుడే చెప్పలేం, వెళ్లాలనుకునేవారు ఎడమ గేటు నుంచి వెళ్లవచ్చు' అంటే చాలు.

ఒక సంగతి గట్టిగా చెప్తున్నాను. నిన్ను బూతులు తిట్టినా, నీ మీద చెయ్యి వేసినా, నిన్ను వీడియో తీస్తూ వెకిలి మాటలన్నా అది ఉద్యోగంలో భాగమని సర్దుకోకు. రైలు ప్లాట్‌ఫాం మీదే ఉంటే అక్కడే ఆపి ఉంచి, ప్యానెల్ వేరేవాళ్లకి అప్పగించి, గేటు ఇవతలికి వచ్చి సూపర్‌వైజర్‌ని, సెక్యూరిటీని పిలువు. జవాబు చెప్పకు, వివరణ ఇవ్వకు.

తర్వాత రాసే రిపోర్టులో విశేషణాలు వద్దు. 'తాగి ఉన్నాడు' అని కాదు, 'మాట తడబడింది, మందు వాసన వచ్చింది, రైలింగు పట్టుకోకుండా నిలబడలేకపోయాడు' అని రాయి. టైం, రైలు నంబరు, వరస, నువ్వు అన్న మాట, అతను అన్న మాట, పక్కన ఎవరున్నారు. అదే రోజు, షిఫ్ట్ దిగకముందే రాయి.

గొడవ ముగిసిందనగానే వెంటనే రైలు వదలకు. మనసు ఆ మాటల మీదే ఉంటుంది, ఏ వరస దాకా చూశావో గుర్తుండదు. ఆ రైలుకి బార్ల చెక్ మొదటి వరస నుంచి మళ్లీ చెయ్యి. చేతులు వణుకుతుంటే దాచుకోకుండా సూపర్‌వైజర్‌కి చెప్పి, ఓ అరగంట ప్యానెల్ మార్చి వేరే చోట వేయమని అడుగు.

ఆశీస్సులతో,
పెదనాన్న